నీళ్లు మిగిల్చే రైతుకు ఏమిస్తున్నాం?

శ్రోతలందరికీ నమస్కారం.

నేను పుట్టింది నల్లగొండ జిల్లా దేవరకొండ పక్కన, మెట్టింది పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా కల్వకుర్తి పక్కన. రెండు వైపులా ఉన్నది ఒకటే వాగు. అత్తగారి దిక్కు దాన్ని దుందుభి అంటారు, కిందికి పారి మా తల్లిగారి దిక్కుకు వచ్చేసరికి దిండి అవుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో కనిపించేది ఇసుకే. కృష్ణానది మరీ దూరమేమీ కాదు, కానీ మా చెలకలు దానికంటే చాలా ఎత్తులో ఉన్నాయి. ఆ నీళ్లు మా దాకా రావాలంటే మోటర్లు పెట్టి ఎత్తిపోయాలి. కల్వకుర్తి ఎత్తిపోతల కింద, ఏఎంఆర్ (ఎలిమినేటి మాధవరెడ్డి) ప్రాజెక్టు కింద కొన్ని ఊళ్లకు అలా వచ్చాయి. రాని ఊళ్లకు ఇప్పటికీ బోరే దిక్కు.

2002 కరువులో మా నాయిన నాలుగో బోరు వేయించిన రాత్రి నాకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. పొద్దున ఒక పెద్దమనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చెలకంతా తిరిగాడు. కాయ నిటారుగా లేచిన చోట సున్నంతో గుర్తు పెట్టి పోయాడు. బోరు బండి చీకటి పడ్డాక వచ్చింది. మిషన్ మొదలు కాగానే రాతి పొడి లేచి మా తలలు, కనుబొమ్మలు, పక్కనున్న తుమ్మచెట్టు అన్నీ తెల్లబడ్డాయి. ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా నాయిన వంగి ఆ పొడిని గుప్పిట్లోకి తీసుకుని నలిపి చూసేవాడు, తడి తగులుతుందేమోనని. రెండు వందల అడుగుల దగ్గర అమ్మ "ఇగ చాలు, ఆపమను" అంది. "ఇంకో రెండు రాడ్లు ఏపిద్దాం" అన్నాడు నాయిన. అలా రెండు, ఇంకో రెండు అంటూ మూడు వందల ఇరవై అడుగుల దాకా పోయింది. చివరికి అరించు నీళ్లు పడ్డాయి, అవీ బురద బురదగా. అడుగుకు ఇంత అని లెక్క కట్టి, అప్పు తెచ్చిన డబ్బులు బండి వాళ్ల చేతిలో పెట్టాడు. ఆ బోరు వచ్చే ఎండాకాలం దాకా కూడా పోయలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని మీకు తెలుసు. ఈ కార్యక్రమం వింటున్న వాళ్లలో ఎందరి చెలకల్లో అట్లాంటి ఎండిన బోర్లు మూతలు పెట్టుకుని ఉన్నాయో.

మన కాళ్ల కింద ఉన్నది గట్టి రాయి. పైన కొంత మెత్తబడిన పొర ఉంటుంది, వాన నీళ్లు నిలిచేది అక్కడే. దాని కిందంతా రాయి, అక్కడక్కడా పగుళ్లు. బోరులో పడేవి ఆ పగుళ్లలోని నీళ్లు. ఏడాదికి మనకు పడే వాన ఆరేడు వందల మిల్లీమీటర్లు. అందులో భూమిలోకి ఇంకేది కొద్ది భాగమే. మిగిలింది వాగుల్లో పడి పోతుంది, ఎండకు ఆవిరైపోతుంది. అందుకే లోతుకు పోయిన కొద్దీ నీళ్లు ఎక్కువ ఉంటాయన్న మాట మన నేలకు సరిపోదు. మా నాయినకు ఆ సంగతి చెప్పిన వాళ్లు అప్పట్లో ఎవరూ లేరు.

ఇప్పుడు కరెంటు సంగతికి వస్తాను. ఉచిత కరెంటు 2004లో మొదలైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటలు ఇస్తామన్నారు. అంతకుముందు కరెంటు విడతలు విడతలుగా వచ్చేది. త్రీ ఫేజ్ రాత్రి రెండింటికి వస్తే రాత్రి రెండింటికే లేవాలి. నాయిన టార్చిలైటు పట్టుకుని పోతుంటే అమ్మ గడపలో కూర్చుని ఆయన వచ్చేదాకా నిద్రపోయేది కాదు. మా వాడకట్టులో ఒకాయన తడి కాళ్లతో స్టార్టర్ డబ్బా ముట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ టెన్షన్ తెలిసినదాన్ని కాబట్టి ఉచిత కరెంటు దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాలువ కింది రైతుకు ప్రభుత్వం డ్యాములు కట్టి నీళ్లిచ్చింది. మెట్ట రైతు తన బావిని తన అప్పుతో తవ్వుకున్నాడు. ఆయనకు కరెంటైనా ఇవ్వడం న్యాయం.

అయితే ఆ సాయం ఎవరికి ఎంత చేరుతున్నదో ఒకసారి లెక్క చూద్దాం. ఐదు హార్స్‌పవర్ మోటరు గంట నడిస్తే నాలుగు యూనిట్లకు దగ్గరగా కాలుతుంది. యాసంగి (రబీ) వరికి రోజుకు ఎనిమిది గంటలు నడిపితే ముప్పై యూనిట్లు. నూట ఇరవై రోజులకు 3,600 యూనిట్లు. యూనిట్‌కు ఏడు రూపాయలు వేసుకున్నా ఒక్క పంటకు ఒక్క మోటరుకు పాతిక వేలు. రైతు జేబులోంచి పోవడం లేదు కాబట్టి మనకు ఆ లెక్క కనబడదు.

మా అత్తమ్మకు రెండెకరాల చెలక ఉంది. బోరు లేదు. నలభై ఏళ్లుగా అందులో ఆముదమే వేస్తుంది, మధ్యలో కంది సాళ్లు. తొలకరికి విత్తనం పెడుతుంది. వేరు లోతుకు పోతుంది కాబట్టి ఆగస్టులో ఇరవై రోజులు వాన లేకపోయినా ఆముదం తట్టుకుంటుంది. ఆకు తలవంచుతుంది, ఒక్క వాన పడగానే మళ్లీ లేస్తుంది. గెలలన్నీ ఒక్కసారే పండవు. ఒక గెల ఎండి కాయలు గోధుమ రంగుకు తిరిగితే కోసుకోవాలి, పక్క గెల ఇంకా పచ్చిగానే ఉంటుంది. అట్లా మూడు నాలుగు తడవలు కోత. కళ్లంలో ఆరబోసి కట్టెతో కొడుతుంటే కాయలు చిటచిటా పగులుతాయి. నామాల పురుగు వస్తే ఆకంతా జల్లెడ చేస్తుంది, గెల మీద వాన పడితే బూజు తెగులు. కష్టం లేని పంట అని చెప్పను. ఎండు తెగులును తట్టుకునే హరిత రకం మన పాలెం పరిశోధన స్థానం తెచ్చిందే. ఆ విత్తనం మా అత్తమ్మ లాంటి వాళ్లను నిలబెట్టింది.

అత్తమ్మ భూమిలోంచి ఒక్క చుక్క నీరు తోడదు. కరెంటు వాడదు. ఆమెకు వచ్చే సాయం ఏమిటి? ఎకరానికి సీజన్‌కు ఆరు వేల చొప్పున ఇస్తామన్న రైతు భరోసా వరి రైతుకూ ఆమెకూ ఒకటే, అది మంచిదే. కరెంటు సాయం ఆమెకు సున్నా. వరికి మద్దతు ధర 2025-26లో క్వింటాలుకు 2,369 రూపాయలు. ఊరి దగ్గరే కొనుగోలు కేంద్రం, సన్న వడ్లైతే క్వింటాలుకు రాష్ట్రం ఇస్తామన్న 500 బోనస్. ఆముదానికి మద్దతు ధరే లేదు. కేంద్రం ఏటా ప్రకటించే పట్టికలో జొన్న ఉంది, కంది ఉంది, పల్లి ఉంది, ఆముదం పేరు లేదు. వ్యాపారి ఎంతంటే అంత. ఒకనాడు నల్లగొండ, పాలమూరు చెలకలంటే ఆముదమే గుర్తొచ్చేది. ఇప్పుడు మా ఊళ్లో ఆముదం వేసే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లు పత్తికి పోయారు, బోరు దొరికినవాళ్లు వరికి పోయారు. వాళ్లను నేను తప్పు పట్టను. కొనేవాడు ఖాయంగా ఉన్న పంటనే ఎవరైనా వేస్తారు.

నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఇదే. నీళ్లు తోడే రైతుకు ప్రభుత్వం సాయం చేస్తున్నది, చేయాలి. కానీ నీళ్లు మిగిల్చే రైతుకు, మిగిల్చినందుకు దక్కుతున్నది ఏమీ లేదు.

మిగిల్చడం మనవాళ్లకు చేతకాదని ఎవరూ అనుకోవద్దు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 ప్రాంతంలో ఒక ప్రయత్నం మొదలై 2010 దాకా నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కూడా అందులో తోడు నిలిచింది. ఏడు కరువు జిల్లాలను తీసుకున్నారు, అందులో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. అక్కడ ఎవరికీ డబ్బులు పంచలేదు, వరి వేయొద్దని ఎవరినీ ఆపలేదు. రైతులకే కొలవడం నేర్పించారు. ఊళ్లో వానమాపకం పెట్టారు. కొన్ని బోర్లు ఎంచుకుని పదిహేను రోజులకోసారి నీటి మట్టం కొలిచి పుస్తకంలో రాశారు. చదువు రాని ఆడవాళ్లు కూడా ఆ లెక్కలు పట్టారు. వానాకాలం పోయాక అందరూ కూర్చునేవారు. ఇంత వాన పడింది, ఇంత ఇంకింది, యాసంగిలో ఎవరెవరు ఏం వేద్దామనుకుంటున్నారు, దానికి ఎన్ని నీళ్లు కావాలి అని గోడ మీద రాసేవారు. కావలసింది ఉన్నదాని కంటే ఎక్కువైతే అది అందరి కళ్ల ముందే కనబడేది. ఇంటికి పోయి ఎవరి పంట వాళ్లే మార్చుకున్నారు. చాలా చోట్ల వరి తగ్గింది.

ఆ పని ఎందుకు ఆగిపోయిందో అని నాకు బాధ. పథకం గడువు ముగిసింది, కొలిచే పని చాలా ఊళ్లలో అక్కడికే ఆగింది. 2019 డిసెంబరులో కేంద్రం అటల్ భూజల్ యోజన తెచ్చింది. భూగర్భ జలాలను మెరుగుపరిచినందుకు ప్రోత్సాహకంగా నిధులు ఇచ్చే పథకం అది. దాన్ని ఏడు రాష్ట్రాలకు ఇచ్చారు, తెలంగాణ అందులో లేదు. మనకు అది రాకపోయినా మన రాష్ట్రం సొంతంగా చేసుకోవచ్చు. రైతులు కూర్చుని మాట్లాడుకోవడానికి రైతు వేదికలు కట్టి ఉన్నాయి, వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈఓలు) ఉన్నారు. దసరా వెళ్లాక ఒక పూట అందరం కూర్చుని నీళ్ల లెక్క చూసుకోవడానికి కొత్త భవనం అక్కర్లేదు.

సోలార్ మోటర్ల గురించి కూడా ఒక మాట. పీఎం కుసుమ్ పథకం 2019లో వచ్చింది. కొత్త సోలార్ పంపుకు కేంద్రం ముప్పై శాతం, రాష్ట్రం ముప్పై శాతం ఇవ్వాలన్నది లెక్క. లైన్‌తో పని లేకుండా విడిగా నడిచే పంపు పగలే నడుస్తుంది, రాత్రి భయం ఉండదు, అది పెద్ద సుఖం. కానీ ఎండ ఉన్నంతసేపూ ఖర్చు లేకుండా నడుస్తుంది కాబట్టి ఆపాలన్న ఆలోచన రాదు. 24 గంటల కరెంటు వచ్చిన కొత్తలో ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ఊరూరా చెప్పించింది, ఎందుకంటే మోటరు తనంతట తనే నడుస్తూ బోరును ఖాళీ చేస్తున్నది. సోలార్‌తోనూ అదే భయం ఉంది. అందుకే నాకు కుసుమ్‌లోని మూడో భాగం నచ్చింది. ఇప్పుడున్న కరెంటు మోటరుకే సోలార్ పలకలు పెట్టి లైనుకు కలుపుతారు. మోటరుకు వాడగా మిగిలిన కరెంటును పంపిణీ సంస్థ కొంటుంది. అంటే రెండు గంటలు మోటరు ఆపితే ఆ రెండు గంటల కరెంటుకు రైతుకు డబ్బులొస్తాయి. నీళ్లు మిగిల్చినందుకు చేతికి రూపాయి వచ్చే దారి నాకు తెలిసి ఇదొక్కటే. మన దిక్కు దీన్ని ముందుకు తేవాలి.

నల్లమలలో 2025 మేలో, అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. అటవీ హక్కుల పట్టాలున్న గిరిజన రైతులు 2 లక్షల 10 వేల మందికి, ఆరు లక్షల ఎకరాలకు సోలార్ పంపులతో నీళ్లివ్వాలన్నది లక్ష్యం. కరెంటు స్తంభం ఎక్కని గుట్టల మీద చెంచు రైతుకు నీళ్లు వస్తాయంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. పండ్ల తోటలు పెట్టించాలన్న ఆలోచన కూడా అందులో ఉంది, అది సరైన దారి. ఆ పంపుతో పాటే నీటి మట్టం కొలిచే చిన్న పనిముట్టు, కొలవడం నేర్పే మనిషి కూడా పోవాలి. ఆ అడవి పట్టుకున్న వాన నీళ్లే కింది ఊళ్లకూ ఆధారం.

వరి వేసే వాళ్లకు కూడా దారి ఉంది. మడిలో ఎప్పుడూ నీళ్లు నిలబెట్టనక్కర్లేదు. నీళ్లు నిలిస్తే మట్టికి గాలి ఆడక మీథేన్ అనే వాయువు పుడుతుంది, భూమి వేడెక్కడానికి అదొక కారణం. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పైపు ముక్కను మడిలో పాతి, అందులో నీరు నేల మట్టం కంటే ఆరు అంగుళాలు కిందికి దిగాకే మళ్లీ తడి ఇస్తే చాలు. పూత దశలో మాత్రం మడి ఆరనివ్వొద్దు. నీరు ముప్పై శాతం దాకా మిగులుతుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతున్నది. మేం పోయిన యాసంగి ఒక మడిలో చేసి చూశాం. మొదటిసారి మడి పగుళ్లిచ్చిన రోజు మా ఆయన రాత్రంతా నిద్రపోలేదు. పంట తగ్గలేదు.

మా బోరు పక్కన పాత మోటబావి ఒకటి ఉంది. నెలకు రెండుసార్లు, పున్నానికి, అమాసకు, మా చిన్నోడు తాడుకు రాయి కట్టి అందులోకి వదులుతాడు. తడి ఎక్కడి దాకా ఉందో చూసి మోటరు గది తలుపు మీద సుద్దముక్కతో గీత గీసి తేదీ వేస్తాడు. ఈసారి దసరా తర్వాత గీత పోయినేటి కంటే రెండు మూరలు కిందికి ఉంది. ఎకరన్నరలో వేద్దామనుకున్న వరిని ఎకరానికి తగ్గించి, మిగతా అరెకరంలో పల్లి పెట్టాం. అత్తమ్మ గట్టు వెంట రెండు సాళ్లు ఆముదం కూడా వేయించింది.

సెలవు. నమస్కారం.