ఒకే క్లబ్ నుంచి మేజర్ లీగ్‌కు: కొరియా బ్యాటర్ల ప్రయాణం వెనుక ఉన్న లెక్క

[తెరపై: గోచోక్ స్కై డోమ్ లోపలి దృశ్యం]

నమస్కారం. దక్షిణ కొరియా రాజధాని సోల్ నగరపు నైరుతి భాగంలో గోచోక్ స్కై డోమ్ అనే బేస్‌బాల్ స్టేడియం ఉంది. కొరియా ప్రొఫెషనల్ లీగ్, అంటే కేబీఓలో ఉన్న పది క్లబ్బుల్లో పైకప్పు ఉన్న మైదానాన్ని సొంత గడ్డగా చేసుకున్నది ఒక్కటే. దాని పేరు కివూమ్ హీరోస్. 2025 సీజన్ మొదలయ్యే నాటికి, పోస్టింగ్ అనే పద్ధతిలో కొరియా నుంచి నేరుగా అమెరికా మేజర్ లీగ్‌కు వెళ్లిన బ్యాటర్లు ఐదుగురు: కాంగ్ జంగ్-హో, పార్క్ బ్యుంగ్-హో, కిమ్ హా-సొంగ్, లీ జంగ్-హూ, కిమ్ హ్యే-సొంగ్. ఆ ఐదుగురూ ఈ ఒక్క క్లబ్ నుంచే వెళ్లారు. మిగిలిన తొమ్మిది క్లబ్బుల్లో ఏ ఒక్కటీ ఈ దారిలో ఒక్క బ్యాటర్‌ను కూడా పంపలేకపోయింది. ఇది యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ఎందుకు కాదో ఈ వీడియోలో వివరిస్తాను.

[తెరపై: 1994, లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ దుస్తుల్లో పార్క్ చాన్-హో]

ముందుగా పాత దారి గురించి కొంత చెప్పాలి. 1994లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగిన పిచర్ (బంతి విసిరే ఆటగాడు) పార్క్ చాన్-హో మేజర్ లీగ్‌లో ఆడిన తొలి కొరియా ఆటగాడు. అతడు కొరియా లీగ్‌లో ఆడకుండానే, విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లోనే డాడ్జర్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. 1997 చివర కొరియా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలి, దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచవలసి వచ్చినప్పుడు, ఉద్యోగాలు పోయి ఇంట్లో కూర్చున్నవారికి అతడు ఆడే మ్యాచ్‌లు ఎంతో ఊరటనిచ్చాయని కొరియన్లు నేటికీ తలుచుకుంటారు. 124 విజయాలతో అతడు ఆటకు వీడ్కోలు పలికాడు. ఆసియాలో పుట్టిన పిచర్లలో మేజర్ లీగ్‌లో అన్ని విజయాలు మరెవరూ అప్పటికి సాధించలేదు. అతడి వెనుకే చాలామంది కుర్రవాళ్లు ఉన్నత పాఠశాల పూర్తికాగానే విమానమెక్కారు. వారిలో బుసాన్ కుర్రవాడు చూ షిన్-సూ 2000లో సియాటిల్ మెరైనర్స్‌తో సంతకం చేసి, మేజర్ లీగ్‌కు కింది మెట్లయిన చిన్న లీగుల్లో ఐదేళ్ల పాటు బస్సు ప్రయాణాలు చేసిన తరువాత, 2005లో గానీ పెద్ద మైదానంలో అడుగుపెట్టలేదు. అంత ఓపిక ఫలించింది గనుక అతడి పేరు మనకు తెలుసు. ఫలించనివారి పేర్లు తెలియవు. పైగా ఇలా ముందే విదేశానికి వెళ్లినవారు తిరిగివస్తే, కొరియా క్లబ్‌తో ఒప్పందం చేసుకోవడానికి రెండేళ్లు ఆగాలనే నిబంధనను కేబీఓ పెట్టింది.

రెండో దారి పోస్టింగ్. కొరియా లీగ్‌లో ఏడు సీజన్లు పూర్తిచేసిన ఆటగాడిని, అతడి క్లబ్ ఒప్పుకుంటేనే, అమెరికా క్లబ్బుల ముందుకు తీసుకురావచ్చు. ఇక్కడ గమనించవలసిన మాట క్లబ్ ఒప్పుకుంటేనే అన్నది. ఎందుకంటే ఆటగాడు వెళ్లిపోతే క్లబ్‌కు మిగిలేది బదిలీ రుసుము మాత్రమే, ఆ రుసుమును ఎలా నిర్ణయించాలన్న దానిపైనే ఈ కథ పెద్ద మలుపు తిరిగింది.

[తెరపై: 2,57,37,737 డాలర్ల 33 సెంట్లు]

ఈ అంకెను ఒకసారి చూడండి. 2012 నవంబరులో హన్వా ఈగల్స్ పిచర్ ర్యు హ్యున్-జిన్‌తో మాట్లాడే హక్కు కోసం డాడ్జర్స్ వేసిన సీల్డ్ బిడ్ ఇది. ఆ రోజుల్లో అమెరికా క్లబ్బులు ఒకరికొకరు తెలియకుండా కవర్లో మొత్తం రాసి పంపేవి. అందరికంటే ఎక్కువ రాసిన క్లబ్ ఒక్కదానికే ఆటగాడితో ముప్పై రోజుల పాటు మాట్లాడే హక్కు దక్కేది. ర్యు ఆ తరువాత ఆరేళ్లకు 3.6 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. కొరియా లీగ్ నుంచి నేరుగా మేజర్ లీగ్ జట్టులోకి వెళ్లిన తొలి ఆటగాడు అతడే. 2019లో 2.32 ఈఆర్ఏతో, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కు సమానమైన తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున రెండు పరుగులు దాటి కొంచెమే ఇచ్చి, మేజర్ లీగ్ పిచర్లందరిలో మొదటి స్థానంలో నిలిచాడు.

ఆ పద్ధతిలోని అన్యాయం అంతటి పిచర్ విషయంలో అంతగా కనబడలేదు. పార్క్ బ్యుంగ్-హో విషయంలో మాత్రం స్పష్టంగా బయటపడింది. 2015లో అతడితో మాట్లాడే హక్కు కోసం మినెసోటా ట్విన్స్ హీరోస్ క్లబ్‌కు చెల్లించినది 1.285 కోట్ల డాలర్లు. నాలుగేళ్లు ఆడబోయే ఆటగాడికి హామీ ఇచ్చిన జీతం మొత్తం 1.2 కోట్ల డాలర్లు. బ్యాటు పట్టి నిలబడేవాడికంటే అతణ్ణి వదులుకున్న క్లబ్‌కే ఎక్కువ ముట్టింది. మాట్లాడుకునేందుకు ఒక్క క్లబ్ మాత్రమే ఉన్నప్పుడు, కాదంటే మళ్లీ కొరియాకే వెళ్లాలన్నప్పుడు, ఆటగాడు బేరం ఏమి ఆడగలడు?

2018లో ఈ విధానాన్ని మార్చారు. ఇప్పుడు ముప్పై మేజర్ లీగ్ క్లబ్బులూ ఆటగాడితో మాట్లాడవచ్చు, ఆటగాడు తనకు నచ్చిన క్లబ్‌ను ఎంచుకోవచ్చు. ఒప్పందపు విలువలో మొదటి 2.5 కోట్ల డాలర్లపై 20 శాతం, తరువాతి 2.5 కోట్లపై 17.5 శాతం, ఆపై మొత్తంపై 15 శాతం పాత క్లబ్‌కు చేరుతుంది. 2023 డిసెంబరులో లీ జంగ్-హూ శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో ఆరేళ్లకు 11.3 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నప్పుడు లెక్క ఇలా తేలింది: మొదటి భాగంపై 50 లక్షలు, రెండో భాగంపై 43.75 లక్షలు, మిగిలిన 6.3 కోట్లపై 94.5 లక్షలు, మొత్తం 1.8825 కోట్ల డాలర్లు కివూమ్ క్లబ్‌కు. అంటే అతడి జీతంతో పోలిస్తే ఆరో వంతు మాత్రమే. రుసుము ఇకపై ఆటగాడి విలువను అనుసరించి వస్తుందే తప్ప, దాన్ని ముందే కొరికి తినదు.

[తెరపై: కేబీఓ క్లబ్బుల చిహ్నాలు]

ఇక హీరోస్ క్లబ్ సంగతి. కొరియాలో బేస్‌బాల్ క్లబ్ అంటే ఒక పెద్ద వ్యాపార సంస్థ గుర్తు. సామ్‌సంగ్ లయన్స్, ఎల్జీ ట్విన్స్, కియా టైగర్స్, లొట్టే జెయింట్స్, డూసాన్ బేర్స్ అనే పేర్లలోనే యజమానులెవరో తెలిసిపోతుంది. ఆ క్లబ్బులకు నష్టం వస్తే భరించడానికి మాతృసంస్థ ఉంటుంది. హీరోస్‌కు అలాంటి తల్లి లేదు. హ్యుందాయ్ యునికార్న్స్ క్లబ్ మూతపడిన తరువాత 2008లో పుట్టిన ఈ క్లబ్, తన పేరునే స్పాన్సర్లకు అద్దెకిచ్చి బతుకుతోంది. నెక్సెన్ అనే టైర్ల సంస్థ పేరును కొన్నేళ్లు మోసింది. 2019 నుంచి మోస్తున్న కివూమ్ అనే పేరు ఒక షేర్ల బ్రోకరేజీ సంస్థది. ఇలాంటి క్లబ్‌కు ఏడేళ్లు నిండిన మేటి ఆటగాణ్ణి అట్టిపెట్టుకోవడం కంటే పంపించడమే మేలు. పైన చెప్పిన ఐదుగురి బదిలీల వల్ల క్లబ్‌కు చేరిన రుసుములను కూడితే దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్లు అవుతాయి. అందుకే ఇక్కడ కుర్రవాళ్లకు పంతొమ్మిది, ఇరవై ఏళ్లకే ప్రధాన జట్టులో రోజూ ఆడే అవకాశం దొరుకుతుంది. లీ జంగ్-హూ ఉన్నత పాఠశాల నుంచి వచ్చిన తొలి ఏడాదిలోనే, 2017లో, సీజన్‌లోని 144 మ్యాచ్‌లూ ఆడాడు. చిన్న వయసులో మొదలుపెట్టినవారికి ఏడు సీజన్లు త్వరగా నిండుతాయి, పాతికేళ్ల వయసులో అమెరికా తలుపు తెరుచుకుంటుంది. ముప్పై దాటినవాడికీ పాతికేళ్లవాడికీ అమెరికా క్లబ్బులు కట్టే ధరలో ఎంతో అంతరం ఉంటుంది.

ఆ ఏడేళ్ల లెక్కకు అడ్డం పడేది సైనిక సేవ. ఆరోగ్యవంతుడైన ప్రతి కొరియా యువకుడూ ఏడాదిన్నర లేదా అంతకు మించి సైన్యంలో పనిచేయాలి. ఒలింపిక్ పతకమో ఆసియా క్రీడల స్వర్ణమో సాధించిన క్రీడాకారుడికి కొన్ని వారాల ప్రాథమిక శిక్షణ, ఆపై తన క్రీడలోనే సేవ సరిపోతాయి. ఇక్కడ జాతీయ జట్టు గెలుపు కేవలం గౌరవానికి సంబంధించిన విషయం కాదు. 2018 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం కిమ్ హా-సొంగ్‌కు, లీ జంగ్-హూకు ఆ మార్గాన్ని సుగమం చేసింది. 2023లో జరిగిన హాంగ్జౌ క్రీడల స్వర్ణం కిమ్ హ్యే-సొంగ్‌కు చేసింది. ఒక ఫైనల్ మ్యాచ్ ఓడిపోతే కొందరి జీవితాలు రెండేళ్లు వెనక్కి జరిగేవన్న మాట.

[తెరపై: బంతి వేగం, గంటకు 144 కిలోమీటర్లు, 151 కిలోమీటర్లు]

తలుపు దాటిన తరువాత ఎదురయ్యేది వేగం. ఫాస్ట్‌బాల్ సగటు వేగం కొరియాలో గంటకు దాదాపు 144 కిలోమీటర్లు, మేజర్ లీగ్‌లో దాదాపు 151 కిలోమీటర్లు. క్రికెట్ చూసే మనకు 150 దాటిన బంతి ఒక వార్త. అక్కడ అది ప్రతి రాత్రీ ఎదురయ్యే మామూలు బంతి, అదీ నేలను తాకకుండా నేరుగా వచ్చేది. ఈ రెండు వేగాల మధ్య బ్యాటర్‌కు దొరికే వ్యవధిలో తేడా సెకనులో యాభయ్యో వంతు మాత్రమే. అయితే మొత్తం వ్యవధే సెకనులో సగం కూడా లేనిచోట, యాభయ్యో వంతు చాలా పెద్దది.

పార్క్ బ్యుంగ్-హో కొరియాలో 2014లో 52, 2015లో 53 హోమ్ రన్లు, అంటే క్రికెట్ సిక్సర్‌లా బంతిని మైదానం దాటించే దెబ్బలు, కొట్టాడు. అవి బ్యాటర్లకు పండగ లాంటి సంవత్సరాలు. 2014లో కేబీఓ మొత్తం బ్యాటింగ్ సగటే .289, అంటే వెయ్యి ప్రయత్నాల్లో 289 సార్లు హిట్ దక్కింది. మినెసోటాలో 62 మ్యాచ్‌లలో 12 హోమ్ రన్లు కొట్టినా, అతడి సగటు .191 దగ్గర ఆగిపోయింది. వేగమైన బంతి అతడి బ్యాటును దాటిపోయింది. రెండో ఏడాది అంతా చిన్న లీగులో గడిపి, మిగిలిన జీతం వదులుకుని, తిరిగి వచ్చాడు. 2018లో అదే మనిషి అదే పాత క్లబ్ తరఫున 43 హోమ్ రన్లు కొట్టాడు. అతడి బలం ఎక్కడికీ పోలేదని, సముద్రం దాటనిది దాన్ని వాడే వ్యవధి మాత్రమేనని ఈ అంకె చెబుతోంది. అతడి కంటే ఒక ఏడాది ముందు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు వెళ్లిన కాంగ్ జంగ్-హో మాత్రం వేగాన్ని తట్టుకుని, 2015లో 15, 2016లో 103 మ్యాచ్‌లలోనే 21 హోమ్ రన్లు కొట్టాడు. కానీ సోల్‌లో మద్యం తాగి కారు నడిపిన కేసులో శిక్ష పడి, వీసా దొరకక 2017 సీజన్‌ను పూర్తిగా పోగొట్టుకున్నాడు. అంత చక్కగా మొదలైన ప్రయాణం అలా చెడటం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

[తెరపై: శాన్ డియేగో పాడ్రెస్ షార్ట్‌స్టాప్ కిమ్ హా-సొంగ్]

ఈ అనుభవాల నుంచి అమెరికా క్లబ్బులు ఏమి నేర్చుకున్నాయో కిమ్ హా-సొంగ్ కథలో కనబడుతుంది. 2020లో కొరియాలో 30 హోమ్ రన్లు కొట్టి, నాలుగేళ్లకు 2.8 కోట్ల డాలర్ల ఒప్పందంతో శాన్ డియేగో పాడ్రెస్‌కు వెళ్లిన అతడు తొలి ఏడాది .202 సగటుతో తడబడ్డాడు. పార్క్ బ్యుంగ్-హో కంటే అది పెద్ద మెరుగేమీ కాదు. అయినా అతణ్ణి చిన్న లీగుకు పంపలేదు, ఎందుకంటే బంతిని ఆపడంలో, విసరడంలో అతడికి సాటివచ్చేవారు తక్కువ. రెండో బేస్, మూడో బేస్, ఆ రెండింటి మధ్య ఉండే షార్ట్‌స్టాప్ స్థానం, ఎక్కడ నిలబెట్టినా పరుగులు ఆపగలిగినవాడికి బ్యాటు కుదురుకునేందుకు సమయం దొరికింది. 2023లో 17 హోమ్ రన్లు, 38 దొంగిలించిన బేస్‌లతో (బ్యాటర్ బంతిని కొట్టకముందే పరుగెత్తి చేరుకున్నవి) పాటు ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ పురస్కారాన్ని కూడా అందుకున్నాడు. కొరియా ఆటగాళ్లలో అది అందుకున్న మొదటివాడు అతడే. పార్క్ బ్యుంగ్-హోలా మొదటి బేస్ దగ్గర ఆడే హోమ్ రన్ వీరుడికి కొట్టకపోతే మరో పని లేదు. పార్క్‌కు దొరకనిది, హా-సొంగ్‌కు దొరికినది, ఆ రెండో ఏడాదే.

లీ జంగ్-హూ విషయంలో జెయింట్స్ కొన్నది బంతిని తప్పకుండా తాకే నేర్పును. అతడి తండ్రి లీ జోంగ్-బోమ్‌ను కొరియన్లు వాయుపుత్రుడని పిలిచేవారు, కొడుకును వాయువు మనవడని ముద్దుగా పిలుస్తారు. తండ్రి 1994లో, కొడుకు 2022లో లీగ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నారు. 2022లో కొడుకు బ్యాటు పట్టిన 627 సార్లలో బంతిని కొట్టలేక మూడు స్ట్రైకులతో వెనుదిరిగింది, అంటే స్ట్రైక్ అవుట్ అయింది, 32 సార్లే. అమెరికాలో మొదటి ఏడాది 37 మ్యాచ్‌లకే, మే నెలలో, గోడను ఢీకొని భుజం దెబ్బతిని శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది 150 మ్యాచ్‌లు ఆడి 12 ట్రిపుల్స్ (ఒకే దెబ్బకు మూడో బేస్ చేరడం) కొట్టాడు, హోమ్ రన్లు ఎనిమిదే. తన ఆట ఏదో తెలిసినవాడు అలాగే ఆడతాడు.

[తెరపై: 2024 మార్చి, గోచోక్ స్కై డోమ్‌లో డాడ్జర్స్, పాడ్రెస్ జట్లు]

2024 మార్చిలో మేజర్ లీగ్ తన సీజన్ తొలి మ్యాచ్‌లను మొదటిసారిగా కొరియాలో, గోచోక్‌లోనే నిర్వహించింది. పాడ్రెస్ దుస్తుల్లో వచ్చిన కిమ్ హా-సొంగ్ తన పాత మైదానంలోనే ఆడాడు. ఆ సందర్భంగా డాడ్జర్స్‌తో కివూమ్ ఒక సన్నాహక మ్యాచ్ ఆడింది. ఆనాడు కివూమ్ జట్టులో ఉన్న కిమ్ హ్యే-సొంగ్ మరుసటి జనవరిలో ఆ డాడ్జర్స్‌తోనే మూడేళ్లకు 1.25 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అతడిది కూడా కాళ్ల వేగం, ఫీల్డింగ్ ఆధారంగా కట్టిన ధరే. మొదట చిన్న లీగులో ఆడి, మేలో పిలుపు అందుకుని, అక్టోబరు దాటేసరికి మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో సభ్యుడయ్యాడు.

ఇంతమందిని పంపిన క్లబ్ మాత్రం కేబీఓ ఫైనల్ అయిన కొరియన్ సిరీస్‌ను ఒక్కసారి కూడా గెలవలేదు. 2014, 2019, 2022లలో ఆఖరి మెట్టు దాకా వచ్చి ఓడింది. 2022లో సెంటర్ ఫీల్డ్‌లో లీ జంగ్-హూ, రెండో బేస్ దగ్గర కిమ్ హ్యే-సొంగ్ నిలబడిన జట్టు అది. ఆ తరువాత వరుసగా మూడేళ్లు, 2023, 2024, 2025లలో, కివూమ్ హీరోస్ పది క్లబ్బుల పట్టికలో పదో స్థానంలోనే ముగించింది.