వీధి నుంచి ఇంటికి: ఫోస్టర్ కుక్కకు మన మీద నమ్మకం ఎలా కుదురుతుంది?

[తెరపై: మధ్యాహ్నం వేళ ఒక కాలనీ వీధి. నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి వంగుతాడు. దూరంగా పడుకున్న కుక్క దిగ్గున లేచి పక్క సందులోకి తప్పుకుంటుంది.]

కథనం:
చూశారు కదా, ఆయన చేతిలో రాయి లేదు. చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి వంగారు, అంతే. కానీ మన వీధుల్లో పెరిగిన కుక్క ఆగి పరిశీలించదు. మనిషి వంగాడంటే రాయి వస్తుందని దాని లెక్క. పరిగెత్తడానికి చోటు ఉన్నంతవరకు ఆ లెక్కే దాన్ని కాపాడుతుంది.

ఇప్పుడు అదే కుక్కను మీ ఇంటికి తెచ్చారనుకుందాం. అన్నం గిన్నె కింద పెట్టడానికి మీరు వంగుతారు. అది వణుకుతూ గోడకు అతుక్కుపోతుంది. "అన్నం పెడుతుంటే భయపడుతుందేమిటి?" అని మీకు బాధ కలుగుతుంది. మీరు వంగడం దానికి కనిపించింది, గిన్నె కనిపించలేదు. పైగా ఇక్కడ తప్పుకోవడానికి సందు లేదు.

[తెరపై: నల్లని ఆడకుక్క. నుదుటి మీద తెల్లమచ్చ. మూడు కాళ్ల మీద నిలబడి ఉంది.]

ఇది చుక్క. హైదరాబాద్‌లో ఒక టీ కొట్టు ముందు పెరిగింది. బండి కింద పడి వెనక కాలు పోయింది. చెవి కొన కత్తిరించి ఉంది చూడండి. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స అయిందనడానికి అది గుర్తు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, శస్త్రచికిత్స చేసి రేబిస్ టీకా వేసిన కుక్కను మళ్లీ పట్టుకున్న చోటే వదలాలి. అయితే మూడు కాళ్లతో ఈ ట్రాఫిక్‌లో చుక్క బతకడం కష్టం. అందుకే పెంచుకునే కుటుంబం దొరికేదాకా మా ఇంట్లో ఉంటోంది. ఇలా తాత్కాలికంగా ఉంచుకుని ఇంటి జీవితానికి అలవాటు చేయడాన్నే ఫోస్టర్ చేయడం అంటారు.

"పాపం, దానికి మనుషులంటే తెలియదు" అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. టీ కొట్టు ముందు బతికిన కుక్కకు మనుషులు బాగా తెలుసు. బిస్కెట్ వేసేది ఎవరో, కర్ర ఎత్తేది ఎవరో నడక చూసి చెప్పగలదు. దానికి తెలియనిది ఇల్లు. తలుపులు మూసుకోవడం, నున్నటి టైల్స్ మీద కాలు జారడం, మిక్సీ మోత, కుక్కర్ విజిల్, లిఫ్ట్ కదలడం, ఇవన్నీ కొత్తే. వీధిలో ఎవరికి ఎంత దూరంలో ఉండాలో అదే నిర్ణయించుకునేది. ఇంట్లో ఆ నిర్ణయం మన చేతికి వచ్చింది. దాన్ని తిరిగి కుక్కకు ఇవ్వగలిగితే నమ్మకం దానంతట అదే మొదలవుతుంది.

[తెరపై: పశువైద్యుని బల్ల. చెవి వెనక వెంట్రుకలు విడదీసి గోమార్లు చూపిస్తారు.]

ముందు ఆరోగ్యం సంగతి. ముడుచుకుని కూర్చుంది, తినడం లేదు, పలకరిస్తే లేవడం లేదు అంటే భయమే అనుకోవద్దు. గోమార్ల వల్ల వచ్చే ఎర్లికియా జ్వరం మన దగ్గర వీధికుక్కల్లో మామూలు. కుక్క నీరసపడిపోతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కు నుంచి రక్తం కూడా కారవచ్చు. రక్తపరీక్షతో తెలుస్తుంది, మందులతో తగ్గుతుంది. జ్వరంతో ఉన్న కుక్కకు ఎంత ఓపిగ్గా అలవాట్లు నేర్పినా ప్రయోజనం లేదు. రేబిస్ టీకా ఎప్పుడు వేశారో కాగితం లేకపోతే మళ్లీ వేయించండి. నొప్పిగా ఉందని మనుషుల మాత్రలు మాత్రం వేయకండి. మనకు మామూలుగా అనిపించే ఐబుప్రొఫెన్ కుక్క ప్రాణం తీయగలదు.

[తెరపై: గది మూల. గోనెపట్టాలు పరిచిన నేల, దుప్పటి కప్పిన బల్ల, దాని కింద చుక్క.]

మొదట్లో ఇల్లంతా చూపించకండి. ఒక్క గది, అందులో ఒక చాటు చాలు. బల్ల మీద దుప్పటి కప్పితే గుహలాంటి చోటు తయారవుతుంది. ఆ చోటు పూర్తిగా దానిదే. అక్కడున్నప్పుడు ఎవరూ చెయ్యి పెట్టకూడదు, బయటికి లాగకూడదు, పిల్లలు తొంగిచూడకూడదు. నేల మీద గోనెపట్టాలు వేయండి. మూడు కాళ్ల కుక్కకే కాదు, ఏ వీధికుక్కకైనా టైల్స్ నరకమే.

ఇక ఆ వంగే సమస్య. గిన్నెను కింద పెట్టకుండా ఒక పీట మీద ఉంచండి. లేదా ముందే నేల మీద కూర్చుని, కూర్చున్నచోటి నుంచే గిన్నెను జరపండి. ముఖం దానివైపు కాకుండా పక్కకు తిప్పుకుని కూర్చోండి. ఫోను చూసుకోండి, పుస్తకం చదువుకోండి. కళ్లలోకి సూటిగా చూడటం కుక్కల మధ్య బెదిరింపు. గదిలోకి వచ్చే ముందు ప్రతిసారీ ఒకే మాట అనండి. నేను "చుక్కా, వస్తున్నా" అంటాను.

[తెరపై: చుక్క ముఖం దగ్గరగా. నాలుకతో ముక్కు నాకుతుంది, తల తిప్పుకుంటుంది, ఆవలిస్తుంది.]

ఈ క్షణాలు నెమ్మదిగా చూడండి. ఆకలి లేకపోయినా పెదవులు నాకడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తల అలాగే ఉంచి కనుగుడ్లు మాత్రం తిప్పడంతో తెల్లగుడ్డు కనిపించడం, తోక కాళ్ల మధ్యకు ముడుచుకోవడం. ఇవన్నీ "ఇక చాలు, కాస్త జరుగు" అని చెప్పడమే. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది బిగుసుకుపోవడం. "అబ్బ, ఎంత బుద్ధిగా నిమిరించుకుంటోందో" అని మనం మురిసిపోయే సమయంలో కుక్క ఊపిరి బిగబట్టి ఉండవచ్చు. గుర్రుమన్నందుకు ఎప్పుడూ తిట్టకండి. గుర్రుమనడం హెచ్చరిక. హెచ్చరించినందుకు శిక్షపడితే, ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది.

[తెరపై: ఉడికించిన చికెన్ ముక్క చుక్క వెనక్కి పడుతుంది. అది వెళ్లి తిని, తిరిగి చూస్తుంది.]

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పద్ధతి. తిండి చూపించి దగ్గరికి రప్పించాలని అందరికీ అనిపిస్తుంది. అలా వచ్చిన కుక్క ముక్క అందుకోగానే, "అమ్మో, ఇంత దగ్గరికి వచ్చేశానా" అని ఉలిక్కిపడుతుంది. దీనికి బదులు ముక్కను దాని వెనక్కి విసరండి. చెయ్యి పైకెత్తకుండా, కింది నుంచి దొర్లించినట్టు. అది మీ నుంచి దూరంగా వెళ్లి తింటుంది. కాస్త ఊరట కలుగుతుంది. తర్వాత తనంతట తనే మీవైపు రెండు అడుగులు వేస్తుంది. మళ్లీ వెనక్కి వేయండి. దూరం వెళ్లినా తిండి దొరుకుతుంది కాబట్టి, దగ్గరికి రావడం పూర్తిగా దాని ఇష్టం. ఆ ఇష్టంతో వేసిన అడుగు నిలుస్తుంది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేని చికెన్ వాడండి. ఉడికిన ఎముకలు వద్దు, విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

మరి తిండి ఒక్కటే చాలా? చాలదు. కోల్‌కతాలోని ఐఐఎస్‌ఈఆర్ అనే విజ్ఞాన పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీదే చేసిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. ముక్కూమొహం తెలియని మనిషి మళ్లీ మళ్లీ తిండి ఇచ్చినప్పటికంటే, మళ్లీ మళ్లీ నిమిరినప్పుడు కుక్కల్లో నమ్మకం బాగా పెరిగిందని వాళ్లు గమనించారు. మనం చీదరించుకునే ఈ కుక్కలు చేతి స్పర్శ కోసం ఇంతగా ఎదురుచూస్తాయని తెలిసినప్పటి నుంచి టీ కొట్టు ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది.

అలాగని మీద పడి నిమరకండి. తల మీదికి చెయ్యి తీసుకెళ్లకండి, దెబ్బ అక్కడి నుంచే పడుతుందని దానికి తెలుసు. అది వచ్చి మీ పక్కన నిలబడితే, ఛాతీనో భుజాన్నో మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. మళ్లీ ఆనుకుంటే కొనసాగించండి. అలాగే నిలబడిపోయినా, పక్కకు జరిగినా అక్కడితో ఆపండి.

[తెరపై: వంటగది. కుక్కర్ విజిల్. వెంటనే నేల మీద చికెన్ ముక్క పడుతుంది.]

చప్పుళ్లకు వరుస ముఖ్యం. ముందు చప్పుడు, వెంటనే తిండి. తిరగేస్తే తిండి కనిపించగానే "ఏదో మోగబోతోంది" అని భయం పట్టుకుంటుంది. దీపావళి దగ్గర్లో ఉంటే ఈ అభ్యాసం సరిపోదు. కొన్ని రోజుల ముందే పశువైద్యుణ్ణి కలవండి.

[తెరపై: మెడ పట్టీకి ఒక తాడు, ఛాతీకి తొడిగిన హార్నెస్‌కు మరో తాడు.]

ఫోస్టర్ ఇళ్ల నుంచి కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా తొలి రోజుల్లోనే, అదీ తలుపు దగ్గరే. బెదిరిన కుక్క వెనక్కి లాగితే మెడ పట్టీ తల మీదుగా ఊడివస్తుంది. అందుకే రెండు తాళ్లు. పట్టీకి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ల తగిలించండి. ఇంట్లోకి ఎవరు వచ్చినా ముందు గది తలుపు వేయండి.

కరిస్తే, పన్ను గీరుకున్నా సరే, సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. "మన కుక్కే కదా, టీకా వేయించాం కదా" అని ఇంట్లో కూర్చోవద్దు. తరచూ ఫోస్టర్ చేసేవాళ్లు ముందుగానే రేబిస్ టీకా వేయించుకోవడం గురించి వైద్యుణ్ణి అడగడం మంచిది.

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క వినే ఉంటారు. బెరుకు తగ్గడానికి, ఇంటి వేళలు తెలియడానికి, ఇది నా ఇల్లు అనుకోవడానికి అని. ధైర్యం కోసం గుర్తుంచుకోండి, గడువుగా మాత్రం పెట్టుకోకండి.

[తెరపై: పక్కింటి పెద్దావిడ గుమ్మం దగ్గర కూర్చుని చుక్క వెనక్కి ముక్క వేస్తున్నారు.]

ఫోస్టర్‌కు ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. కుక్క మిమ్మల్ని ఒక్కరినే నమ్మితే పని సగమే అయింది. రేపు అది వెళ్లేది వేరే ఇంటికి. అందుకే చుక్క నాతో కుదురుకోగానే పక్కింటి అత్తయ్యగారిని సాయం అడిగాను. ఆ తర్వాత ఎత్తుగా ఉండే ఒక అబ్బాయి, హెల్మెట్ పెట్టుకున్న ఒకరు, చేతికర్రతో నడిచే ఒక తాతగారు. ఒక్కొక్కరూ విడిగా వచ్చి, కూర్చుని, వెనక్కి ముక్క వేసి వెళ్లిపోయారు.

చుక్క కోసం ఇప్పుడు ఒక కుటుంబం ముందుకొచ్చింది. తీసుకెళ్లే ముందు కొన్నిసార్లు మా ఇంటికే వచ్చి దానితో గడపమని అడిగాను, ఒప్పుకున్నారు. అది పడుకునే గోనెపట్టాను, అలవాటైన వాసన పోకుండా, ఉతక్కుండానే వాళ్లకిస్తాను. ఏం తింటుంది, ఏ మాటకు వస్తుంది, ఏ చప్పుడుకు దాక్కుంటుంది, ఎక్కడ నిమిరితే ఇష్టం, టీకా తేదీలు, పశువైద్యుని సూచనలు, అన్నీ ఒక కాగితం మీద రాశాను. మొదటి వాక్యం: "దయచేసి గిన్నెను పీట మీద పెట్టండి." మీ కుక్కకు ఇలాంటిది రాయాలనుకుంటే వీడియోను ఇక్కడ ఆపి చూసుకోండి.

[తెరపై: ఆ కాగితం, చదవడానికి వీలుగా పూర్తిగా.]