ఫోన్‌కు వీణ వినపడటం లేదు

(ఒక ఇంజనీరింగ్ కాలేజీ సంగీత క్లబ్ సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ల్యాబ్ రికార్డులు పక్కన పెట్టి వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం.

సంగీతం గురించీ టెక్నాలజీ గురించీ ఏదైనా మాట్లాడమని మీ క్లబ్ వాళ్ళు అడిగారు. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని, వీణ నేర్చుకుంటున్నాను. కాబట్టి ఈ రెండూ నా జీవితంలో రోజూ తగువులాడుకుంటూనే ఉంటాయి. చిన్న చిన్న చిరాకులకైతే లెక్కే లేదు. మెట్రోలో పక్కనున్నవాళ్ళు ఇయర్‌ఫోన్స్ లేకుండా రీల్స్ చూస్తారు. పల్లవి పూర్తయీ అవకముందే ప్రకటన వస్తుంది. పాత పాట కోసం వెతికితే దాని స్పీడ్ పెంచిన రకాలే ముందు కనిపిస్తాయి. ఇవన్నీ మీకూ అనుభవమే. వీటిని నేను భరించగలను. భరించలేనిది ఇంకొకటి ఉంది, దాని కోసమే ఇంత దూరం వచ్చాను.

మా మాస్టారు విజయనగరంలో ఉంటారు. 1919లో మహారాజా సంగీత కళాశాల మొదలైన ఊరు అది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ పాఠం చెప్పారు. ఆ ఊళ్ళో ఉన్న గురువు దగ్గర, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ నేను నేర్చుకోగలుగుతున్నానంటే అది వీడియో కాల్ పుణ్యమే. ఈ మాట మొదటే చెబుతున్నాను, ఎందుకంటే నేను టెక్నాలజీని తిట్టడానికి రాలేదు.

కానీ యాప్‌ను మామూలు సెట్టింగ్స్‌తో వదిలేస్తే క్లాసులో జరిగేది ఇది. నేను ఒక స్వరం మీటుతాను. మాస్టారు "తీగ అప్పుడే ఎందుకు మూశావమ్మా?" అంటారు. నేను మూయలేదు. నా గదిలో ఆ నాదం ఇంకా వినపడుతూనే ఉంది. ఆయన దగ్గరికి చేరేసరికి తెగిపోతోంది. శ్రుతి కోసం తంబూరా యాప్ పెట్టుకుంటే, కాసేపటికి ఆయనకు అది వినపడటం మానేస్తుంది. శ్రుతి ఆపేశావా అని అడుగుతారు. ఇది నెట్ సమస్య అనుకుని చాలామంది ఊరుకుంటారు. వృత్తిరీత్యా టెస్టర్‌ని కదా, నేను ఊరుకోలేకపోయాను. చూస్తే అసలు సంగతి నెట్‌లో లేదు.

వీడియో కాల్ యాప్‌లో మూడు పనులు నిశ్శబ్దంగా జరుగుతుంటాయి. మొదటిది గోలను తీసేయడం. మాట ఆగి ఆగి వస్తుంది, అక్షరాల మధ్య ఖాళీ ఉంటుంది. ఫ్యాన్, ఏసీ, మోటారు శబ్దాలు ఒకే తీరుగా సాగుతాయి. అందుకని ఒకే తీరుగా సాగేదాన్ని గోల కింద లెక్కగట్టి తీసేయడం పాత పద్ధతి. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్క్‌లకు, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రాములకు, శుభ్రమైన మాటనూ రకరకాల గోలలనూ వినిపించి, ఏది ఉంచాలో ఏది తీయాలో నేర్పుతున్నారు. ఏ పద్ధతిలోనైనా కాపాడేది మాటనే. ఇప్పుడు తంబూరాను తలుచుకోండి. దాని పనే ఒకే తీరుగా సాగడం! మన సంగీతానికి నేలలాంటి శబ్దం, ఆ ప్రోగ్రాం లెక్కలో ఏసీ చప్పుడుతో సమానం.

వీణకైతే ఇంకా అన్యాయం జరుగుతోంది. వీణ మీద ఒక మీటు మీటాక, తీగను మెట్టు మీద పక్కకు లాగుతూ ఆ ఒక్క మీటులోనే రెండు మూడు స్వరాలు పలికిస్తాం. వీణ మీద గమకం ఎక్కువగా పలికేది ఇలాగే. ఆ లాగుడంతా నాదం తగ్గుతున్న సమయంలోనే జరుగుతుంది. మీటిన క్షణం గట్టిగా ఉంటుంది, సంగీతం దాని వెనక సన్నగా వస్తుంది. తగ్గిపోతున్న శబ్దాన్ని చూసి ప్రోగ్రాం 'ఇక అయిపోయింది' అనుకుని తలుపు వేసేస్తుంది. గట్టి చప్పుడు మాస్టారికి చేరుతుంది, గమకం చేరదు. ఈమని శంకరశాస్త్రి గారి వీణ విన్నవాళ్ళకు తెలుసు, ఆయన శిష్యుడు చిట్టిబాబు గారు కోయిల కూతను పలికించడం విన్నవాళ్ళకూ తెలుసు. ఆ వాయించడంలో ప్రాణమంతా మీటుకూ మీటుకూ మధ్యనే ఉంటుంది. మన యాప్‌లు సరిగ్గా అదే కోసేస్తున్నాయి.

రెండో పని వాల్యూమ్‌ను సమం చేయడం. మెల్లగా వాయిస్తే పెంచుతుంది, గట్టిగా వాయిస్తే తగ్గిస్తుంది. నేను ఎంత భావంతో వాయించినా అవతల అంతా ఒకే ఎత్తులో వినపడుతుంది. మూడోది ప్రతిధ్వనిని తీసేయడం. ఇద్దరం ఒకేసారి వాయిస్తే ఒకరి శబ్దం అణిగిపోతుంది. అందుకే గురువు వెంట శిష్యుడు వాయించడం అనేదే ఈ క్లాసుల్లో లేకుండా పోయింది. ఆయన వాయించి ఆపాలి, తర్వాత నేను వాయించాలి.

ఆలస్యం సంగతి వేరు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఈ మైకు లేకపోతే, నాకు పది మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్ళకు నా మాట దాదాపు 30 మిల్లీసెకన్ల తర్వాత చేరుతుంది. కలిసి వాయించేవాళ్ళ మధ్య ఆలస్యం ఇంతకంటే పెరిగిందంటే తాళం లాగడం మొదలవుతుంది. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ ఒక్కటే 100 మిల్లీసెకన్లు దాటిస్తాయి. అందుకని క్లాసుకు వైరున్న ఇయర్‌ఫోన్సే వాడండి. 2016లో ఐఫోన్ 7తో హెడ్‌ఫోన్ పిన్ పెట్టుకునే రంధ్రం తీసేశారు, తర్వాత మిగతావాళ్ళలోనూ చాలామంది అదే దారి పట్టారు. సంగీతం నేర్చుకునేవాళ్ళకు అది నష్టమే.

డాలస్‌లో ఉన్న మన పిల్లలు ఇక్కడి గురువుల దగ్గర నేర్చుకుంటున్నారు కదా. హైదరాబాద్ నుంచి అక్కడికి సుమారు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే తీగ తిన్నగా వేసినా, మధ్యలో ఏ యంత్రమూ ఆపకపోయినా, ఒక వైపుకే 70 మిల్లీసెకన్లు పడుతుంది. ఎంత మంచి ఇంజనీరైనా దీన్ని తగ్గించలేడు, ఇది ప్రకృతి పెట్టిన హద్దు. దీని మీద నాకు కోపం లేదు. మా మాస్టారు విజయనగరంలో తాళం వేస్తే, నేను సరిగ్గా వాయించినా వెనకబడ్డట్టే ఆయనకు వినపడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, సర్దుకుంటాం. నా బాధ మొదటి మూడింటి గురించే. అవి ప్రకృతి పెట్టినవి కావు, మనుషులు కూర్చుని నిర్ణయించినవి.

ఇలాంటి నిర్ణయాలు కొత్తవేమీ కాదు. పాత టెలిఫోన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేది. మన చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదు. మాట అర్థమైతే చాలని అంతటితో ఆపారు. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గ్రామఫోన్‌కు పాడినప్పుడు రికార్డు మీద మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగానే చోటుండేది. గంటసేపు సాగే రాగాన్ని అంతలోకి కుదించుకున్నారు. అయినా ఆ రికార్డులే లేకపోతే ఆ గొంతు మనకు దక్కేది కాదు. ద్వారం వారు 1964లో కన్నుమూశారు. నేను ఆయన వయొలిన్‌ను బస్సులో వింటున్నాను. ఈ రుణం నేను మరచిపోలేను.

ఇక్కడ మీకు ఎంపీ3 పుట్టిన కథ చెప్పాలి, నేను చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది. జర్మనీలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివాళ్ళు మన చెవికి అందని వివరాలను వదిలేసి పాటను చిన్న ఫైలుగా మార్చే పని చేస్తున్నారు. చాలా పాటలు బాగానే వచ్చాయి. సుజాన్ వేగా అనే గాయని వాద్యాలేవీ లేకుండా పాడిన ఒక పాట మాత్రం చెడిపోయి వినపడింది. బ్రాండెన్‌బర్గ్ దాన్ని పక్కన పెట్టేయలేదు. ఆ గొంతు సరిగ్గా పలికేదాకా దాన్నే మళ్ళీ మళ్ళీ వింటూ పద్ధతిని దిద్దుకున్నారు. ఒక్క గొంతును కాపాడబోతే, ప్రపంచం మొత్తం వాడిన పద్ధతి మెరుగుపడింది!

యంత్రానికి ఏ శబ్దం వినిపించి పరీక్షిస్తారో దాన్ని బట్టే దాని చెవి తయారవుతుంది. తంబూరా ఎప్పుడూ వినని చెవికి తంబూరా గోలగానే తోస్తుంది. ఇందులో ఎవరి కుట్రా లేదు. ఆ టెస్టింగ్ గదిలో మన వీణ లేదు, అంతే.

ఇక్కడున్నవాళ్ళలో కొందరు రేపు ఆడియో ప్రోగ్రాములు రాసే ఉద్యోగాల్లో చేరతారు. నాలాగా టెస్టింగ్‌కు వచ్చేవాళ్ళూ ఉంటారు. మీ టెస్ట్ ఫైళ్ళలో ఒక వీణ పెట్టండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేసేవాళ్ళున్నారు, అక్కడికి వెళ్ళి రికార్డు చేసుకురండి. మృదంగం, నాదస్వరం, డప్పు, జముకు పెట్టండి. అడిగితే మార్పు వస్తుందనడానికి ఉదాహరణ ఉంది. 2020లో అన్ని క్లాసులూ ఆన్‌లైన్‌కు మారినప్పుడు, జూమ్ సంగీతం కోసమే ప్రత్యేకంగా ఒక మోడ్ తెచ్చింది. 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేస్తే ఫిల్టర్లను, అంటే శబ్దాన్ని వడకట్టే ఆ పనులను, పక్కకు తప్పించుకోవచ్చు. మా క్లాసు అప్పటినుంచే క్లాసులా ఉంది. బాధల్లా ఏమిటంటే, ఆ బటన్ సెట్టింగ్స్‌లో లోపలెక్కడో ఉంటుంది, అరవై దాటిన మాస్టార్లకు దాని పేరు కూడా తెలియదు. మీ ఊళ్ళో సంగీతం చెప్పే పెద్దవాళ్ళుంటే, ఈ ఆదివారం వెళ్ళి వాళ్ళ ఫోన్‌లో అది పెట్టి రండి.

ఇంకొక్క మాట. రేడియోలో సినిమా పాట వేసేముందు చిత్రం పేరు, రచన, సంగీతం, పాడినవారు అని వరసగా చెప్పేవారు. అది విన్నవాళ్ళకు పాట వెనకున్న కవి పేరు వద్దన్నా గుర్తుండిపోయేది. ఇప్పుడు చాలా యాప్‌లలో తెలుగు పాట తెరిస్తే రాసినవారి పేరు కనపడదు, కనపడినా రెండు మూడు చోట్ల నొక్కాలి. రచయిత పేరు రాసే గడి డేటాబేస్‌లో ఉంటుంది, నింపేవాళ్ళు లేరు. దీనికి కొత్త పరిశోధన ఏమీ అక్కర్లేదు. మీ క్లబ్ యూట్యూబ్‌లో పెట్టే ప్రతి పాట కిందా రచయిత పేరు మొదటి వరసలో రాయండి. కీర్తన అయితే వాగ్గేయకారుడి పేరు, జానపదమైతే ఎవరి దగ్గర విన్నారో వాళ్ళ ఊరు, పేరు.

ఇక మాటలు చాలు. వీణ తెచ్చాను. బిలహరి రాగంలో కొద్దిగా వాయిస్తాను. మీ క్లబ్ తమ్ముడు రెండు ఫోన్లతో రికార్డు చేస్తాడు, ఒకదానిలో ఫిల్టర్ ఆన్‌లో ఉంటుంది, రెండోదానిలో ఉండదు. తర్వాత రెండూ ఈ స్పీకర్లలోనే వినిపిస్తాం. నేను తీగను లాగే చోట చెయ్యెత్తి చూపిస్తాను, మొదటి రికార్డింగులో సరిగ్గా అక్కడ ఏం మిగిలిందో వినండి. ఆ ఫ్యాన్లు ఒక్క ఐదు నిమిషాలు ఆపించగలరా?