చెక్ లైట్ వెలిగినప్పుడు ముందు మీటరు తీయండి
(ఐటీఐ మోటార్ వెహికల్ మెకానిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, మాస్టార్లకు, పిల్లలందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై రెండేళ్లుగా కార్లకు కరెంటు పని చేస్తున్నాను. ఇంకో రెండేళ్లలో మీరూ ఏదో ఒక షెడ్డులో పనికి కుదురుతారు. అందుకే నా చేతుల మీదుగా వెళ్లిన బండ్ల గురించే మాట్లాడతాను.

ఈ వర్షాకాలంలో ఒక స్కూలు టీచర్ గారు తన కారు తెచ్చారు. ఉదయం సెల్ఫ్ కొడితే ఒక్కోసారి ఇంజన్ తిరగదు. తిరిగిన రోజున డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ లైట్లన్నీ ఒకేసారి వెలుగుతాయి. మా దగ్గరికి వచ్చేలోపు ఆయన మూడు చోట్ల తిరిగారు. ఒకరు బ్యాటరీ మార్చారు. ఇంకొకరు స్కానర్, అంటే బండి కంప్యూటర్లలోని ఫిర్యాదులు చదివే మిషను, పెట్టి చక్రం దగ్గరి సెన్సార్ మార్చారు. మూడోవాళ్లు స్టీరింగ్ కంట్రోల్ యూనిట్ పోయిందని చెప్పి, ఆయన నెల జీతం కంటే ఎక్కువ రేటు చెప్పారు. ఆ బిల్లులన్నీ నా చేతిలో పెట్టి, "బండి ఎక్కాలంటేనే టెన్షన్‌గా ఉందండీ, పిల్లల్ని కూడా ఎక్కించుకోవట్లేదు" అన్నారు.

స్కానర్ తర్వాత చూద్దామని ముందు మల్టీమీటర్ తీశాను. నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర ప్రోబు ఇంజన్ బ్లాకు మీద పెట్టి, ఆయన్ని సెల్ఫ్ కొట్టమన్నాను. అక్కడ అర వోల్టు కూడా రాకూడదు. 2.1 వచ్చింది. అంటే ఎర్త్ దారిలోనే, అదే ఇంజన్, బాడీల మీదుగా కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారిలోనే, ఎక్కడో రెండు వోల్టులు పోతున్నాయి. అక్కడి నుంచి ఒక్కొక్క జాయింటే చూసుకుంటూ వెళ్లాను. బ్యాటరీ పోస్టు నుంచి క్లాంపుకు ఏమీ లేదు. క్లాంపు నుంచి వైరు చివరి లగ్గుకు, అంటే బోల్టు కింద బిగించే రింగుకు, ఏమీ లేదు. లగ్గు నుంచి బాడీకి పెడితే 1.9. బ్యాటరీ ట్రే తీస్తే కింద బోల్టు కనబడింది. పైకి బాగానే బిగించి ఉంది. విప్పి చూస్తే లగ్గు కింద రేకు తుప్పు పట్టి గోధుమరంగు పొడిలా రాలుతోంది. ఎమరీ పేపర్‌తో రేకు మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించి, పైన గ్రీజు పూశాను. మళ్లీ సెల్ఫ్ కొట్టించి ఆ జాయింటు దగ్గరే చూస్తే 0.1. లైట్లన్నీ ఆరిపోయాయి, మళ్లీ రాలేదు. అరగంట పని.

ఆ ముగ్గురూ మోసం చేశారని నేను అనను. వాళ్లు స్కానర్ చెప్పినదాన్ని అలాగే నమ్మారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజి ఎలాగూ పడిపోతుంది. దానికి తోడు ఎర్త్‌లో రెండు వోల్టులు పోతే, బండిలో ఉన్న కంప్యూటర్లకు పని చేయడానికి చాలినంత మిగలదు. అప్పుడు ఏ కంప్యూటర్‌కి ఆ కంప్యూటర్ తనకు తోచిన ఫిర్యాదు రాసిపెట్టుకుంటుంది. తెర మీద "వీల్ స్పీడ్ సెన్సార్ సర్క్యూట్" అని వచ్చిందంటే, అందులో "సర్క్యూట్" అన్న మాట కూడా చదవాలి. సెన్సార్, దాని కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), అక్కడి నుంచి కంప్యూటర్‌దాకా వెళ్లే వైరు, సప్లై, ఎర్త్, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. మనవాళ్లు మొదటి పదం చదివి సెన్సార్‌కి ఆర్డర్ పెట్టేస్తున్నారు.

1983 చివర్లో వచ్చిన మారుతి 800లో కార్బురేటర్, పాయింట్లు, కాయిల్, కొన్ని బల్బులు, కొన్ని ఫ్యూజులు ఉండేవి. నేను పనిలో చేరినప్పుడు ఒక టెస్ట్ ల్యాంపు జేబులో ఉంటే చాలు. స్విచ్ నుంచి బల్బుకు ఒక వైరు, ఆ వైరు వెంట వేలు పెట్టుకుని వెళితే ఫాల్టు దొరికేది. తర్వాత ఇంజక్షన్ ఇంజన్లు వచ్చాయి. 2019లో ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ తగ్గించే బీఎస్-6 నిబంధన వచ్చింది. ఇవాళ చిన్న కారులో కూడా ఇంజన్‌కి ఒక కంప్యూటర్, బ్రేకులకు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి, స్టీరింగ్‌కి ఒకటి, తలుపులకు, లైట్లకు ఇంకొకటి. ప్రాణాలు కాపాడే వస్తువులు, పొగ తగ్గించే వస్తువులు. ఇవి రావడం మంచిదే, పాత బండ్లే నయం అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

ఇన్ని కంప్యూటర్లకు విడివిడిగా వైర్లు లాగితే బండి నిండా రాగే ఉంటుంది. అందుకే జర్మనీ కంపెనీ బాష్ 1983లో పని మొదలుపెట్టి, 1986లో క్యాన్ అనే పద్ధతిని బయటపెట్టింది. ఒకదానికొకటి మెలిపెట్టిన రెండు సన్న వైర్లు, వాటి మీదే అందరి మాటలూ. దాన్ని ఊరి రచ్చబండ అనుకోండి. ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావాళ్లు వింటారు. ఒకడు ఆపకుండా అరుస్తూనే ఉంటే ఎవరి మాటా ఎవరికీ వినబడదు. తలుపు కంప్యూటర్‌లో నీళ్లు చేరి ఆ వైర్లు షార్ట్ అయితే, దానితో సంబంధమే లేదనుకున్న ఇంజన్ స్టార్ట్ కాకపోవచ్చు. ఈ సంగతి కస్టమర్‌కి ఓపికగా చెప్పండి. "తలుపు బాగుచేస్తే ఇంజన్ ఎలా స్టార్టవుతుంది?" అని వాళ్లు అనుమానపడడంలో తప్పులేదు.

నా చేతిలో ఉన్న ఈ ముక్క చూడండి, ఒకరి నుంచి ఒకరికి ఇచ్చుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది గదా, అప్పుడు మునిగిన కారులోది. ఆ కారుని కడిగి, ఆరబెట్టి, ఆయిళ్లు మార్చితే నడిచింది. ఇంటాయన సంతోషించాడు. కొన్ని నెలలకు అద్దాలు వాటంతట అవే దిగడం, గేరు లైటు ఆరి వెలగడం మొదలయ్యాయి. వైరు పైన ఎర్ర తొడుగు కొత్తదానిలా ఉంది, చూడండి. చివర కోసి చూస్తే లోపల రాగి నల్లబడి, పచ్చగా పొడి కట్టింది. కప్లర్ దగ్గర చేరిన నీరు దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు తొడుగు లోపలికి పాకుతుంది. మీటరుతో ఊరికే చూస్తే కంటిన్యుటీ ఉంటుంది, అంటే తీగ తెగలేదనే చూపిస్తుంది, బీప్ కూడా కొడుతుంది. లోడు పెట్టి, అంటే బల్బులాంటిది తగిలించి కరెంటు పారించి చూస్తేనే వోల్టేజి పడిపోవడం తెలుస్తుంది. అందుకే బీప్ వచ్చిందని వైరు బాగుందనుకోవద్దు. మునిగిన బండి వస్తే ఇంజన్ కంటే ముందు కార్పెట్ ఎత్తండి, సీట్ల కింద కప్లర్లు విప్పి చూడండి.

బ్యాటరీ రాత్రికి రాత్రి దిగిపోతోందని రోజుకొకరు వస్తారు. బండి లాక్ చేసి వదిలేశాక తీసుకునే కరెంటు మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అది 500 అయితే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోయినట్టు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడో రోజుకి లేవదు. కానీ లాక్ చేసిన వెంటనే కొలవకండి. కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి కొన్ని బండ్లలో అరగంట దాకా పడుతుంది. తొందరపడి కొలిచి, బాగున్న బండిలో లేని ఫాల్టు వెతికిన కుర్రాళ్లను నేను చూశాను.

ఒక్క విషయంలో మాత్రం నాకు కోపం వస్తుంది. 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఉన్నచోట 100/90 పెడతారు. ఐదు ఆంపియర్లకు వేసిన దారిలో ఒక్కో బల్బుకి ఎనిమిది పైన పోతాయి. ఫ్యూజు కొట్టేస్తే దాని స్థానంలో రాగి తీగ చుడతారు. ఫ్యూజు ఉన్నదే కొట్టేయడానికి! అది కొట్టేయకపోతే కాలేది వైరు. ఆ వైరుకి దగ్గర్లోనే పెట్రోలు పైపు ఉండొచ్చు. అలా కాలిన బండి ఒకటి మా షెడ్డుకు తోసుకొచ్చారు. అందులో వెనక సీట్లో పిల్లల స్కూలు బ్యాగు సగం కరిగి ఉంది. పిల్లలు అప్పటికే దిగిపోయారు కాబట్టి సరిపోయింది. కస్టమర్ ఎంత బతిమాలినా ఆ పని మీరు చేయొద్దు. హారన్ అయినా లైటు అయినా పెట్టాలంటే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) పెట్టి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేసి, వేరే వైరు లాగండి. అసలు వైరింగ్ కోయవద్దు.

చిన్న కాంటాక్టు ఎంత పని చేస్తుందో అమెరికాలో చూశారు. జనరల్ మోటార్స్ కార్లలో ఇగ్నిషన్ స్విచ్ పట్టు తక్కువై, నడుస్తుండగా తాళంచెవి దానంతట అదే వెనక్కి జారేది. ఇంజన్ ఆగేది, స్టీరింగ్ బరువెక్కేది, కరెంటు లేక ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. 2014లో సుమారు 26 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. పరిహారం ఇచ్చినవాళ్లు ఒప్పుకున్న మరణాలే 124. మధ్యలో స్విచ్‌ని మార్చి కూడా పార్టు నంబరు మార్చలేదు, అందుకే తేడా చాలాకాలం బయటపడలేదు. పాతదీ కొత్తదీ విప్పి, పక్కపక్కన పెట్టి కొలిచినప్పుడే తెలిసింది. మీరు మార్చిన ప్రతి పార్టునీ పారేసే ముందు ఒకసారి విప్పి చూడండి.

ఇవన్నీ చేయాలంటే వైరింగ్ డయాగ్రాం కావాలి. చాలా కంపెనీలు దాన్ని బయటి మెకానిక్‌కి ఇవ్వవు. 2014 ఆగస్టులో మన కాంపిటీషన్ కమిషన్ ఇదే విషయంలో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. విడి భాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటివాళ్లకు అందకుండా చేస్తున్నారని చెప్పింది. నా షెడ్డులో నాకు ఇప్పటికీ చాలా బండ్ల డయాగ్రాం చేతికి రాదు. వైరు రంగులు చూసుకుంటూ నోటుబుక్కులో నేనే గీసుకుంటాను. అలాంటి పుస్తకాలు పదకొండు ఉన్నాయి. వాటికి జిరాక్సులు తీయించి మీ లైబ్రరీకి ఇచ్చాను, ఎవరైనా వాడుకోండి.

ఇంక మాటలు చాలు. బయట చెట్టు కింద నా బండి ఉంది, బ్యాటరీ టెర్మినల్ విప్పి పెట్టాను. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్టులో ఆరో పిన్నుకీ పద్నాలుగో పిన్నుకీ మధ్య ఓమ్స్ కొలవాలి. క్యాన్ వైర్లకు రెండు చివరలా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి, అంతా బాగుంటే 60 దగ్గర రావాలి. నేనొక కప్లర్ ఊడదీసి వచ్చాను. ముందు వరుసలో ఉన్న అమ్మాయీ, మీటరు నువ్వు తీసుకోమ్మా. ఎంత వచ్చిందో, ఏ చివర ఊడిందో మీరే చెప్పాలి.