అడ్డపొగ, అంగిలి క్యాన్సర్: టార్చ్ పైకి ఎత్తకపోతే కనబడని జబ్బు

హోస్ట్: నమస్కారం. డాక్టర్‌గారూ, నోటి క్యాన్సర్ అనగానే మనకు గుట్కా, బుగ్గలోపలి పుండు గుర్తొస్తాయి. అంగిలికి రావడం అరుదంటారు. మరి శ్రీకాకుళం వైపు దాని మీదే అన్నేళ్లు పరిశోధన ఎందుకు జరిగింది?

డాక్టర్: అడ్డపొగ వల్లండి. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అక్కడ మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఈ అలవాటు ఎక్కువ. వేడీ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. వేరేచోట్ల గట్టి అంగిలి మీద గడ్డ కనబడితే ముందు చిన్న లాలాజల గ్రంథులను అనుమానిస్తారు. ఇక్కడ వచ్చేది పైపొరలో పుట్టే స్క్వేమస్ సెల్ కార్సినోమా. నోటి జబ్బుల పరిశోధకులు మెహతా, పిండ్‌బోర్గ్ బృందం 1969లో ప్రచురించిన సర్వేలో 50,915 మంది గ్రామస్థుల నోళ్లు చూశారు, అందులో శ్రీకాకుళం ఒక జిల్లా. 36,000 మంది పొగాకు వాడేవాళ్ల మీద చేసిన మాన్పించే ప్రయత్నం గురించి 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులోనూ ఎర్నాకుళం, భావ్‌నగర్‌తో పాటు శ్రీకాకుళం ఉంది.

హోస్ట్: ఇంత జరిగాక ఇంకా తేల్చాల్సిందేముంది?

డాక్టర్: అలవాటు తెలుసు, జబ్బు తెలుసు. అడ్డపొగ తాగే ఆమె ఆస్పత్రి దాకా ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే తేల్చాలి. అరుదైన క్యాన్సర్‌తో చిక్కేమిటంటే కేసులు దొరకవు. ఏటా లక్షకు ఆరుకన్నా తక్కువ కొత్త కేసులొస్తే యూరప్‌లో అరుదైనదంటారు. ఆ లెక్కన యాభై వేల జనాభా ఉన్న మండలంలో ఏడాదికి మూడు కూడా రావు. ముగ్గురితో ఏం లెక్క కడతాం? అందుకే క్యాన్సర్ కోసం కాచుక్కూర్చోకుండా, దానికి ముందొచ్చే మచ్చలను లెక్కపెట్టాలి. లేదంటే ఆస్పత్రికొచ్చిన కేసుల నుంచి వెనక్కి వెళ్లి, జబ్బున్నవాళ్ల అలవాట్లను లేనివాళ్ల అలవాట్లతో పోల్చే కేస్-కంట్రోల్ పద్ధతిలో చూడాలి.

హోస్ట్: ఆస్పత్రి రికార్డులు ఉంటాయిగా?

డాక్టర్: ఉంటాయి. కేస్‌షీట్ మీద ‘కార్సినోమా, ఓరల్ క్యావిటీ’ అని ఒక్క ముక్క రాస్తారు. రికార్డుల్లో జబ్బులకు అంతర్జాతీయ కోడ్ వేసేవాళ్లు దాన్ని సి06.9లో, అంటే నోట్లో ఎక్కడో తెలియని చోటులో పడేస్తారు. గట్టి అంగిలికి సి05.0, మెత్తటిదానికి సి05.1, పైచిగురుకు సి03.0 అని వేరే కోడ్‌లున్నాయి. కాబట్టి సి05 ఒక్కటే వెతికితే సగం కథే దొరుకుతుంది. సి06.9లో ఉన్నవాటి బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు, ఆపరేషన్ నోట్ తీసి చదవాల్సిందే. విసుగు పుట్టించే పనే, కానీ దానికి దగ్గరదారి లేదు.

హోస్ట్: ఊళ్లో ఆశా కార్యకర్త సీబ్యాక్ ఫారం, అంటే జబ్బుల ముప్పును మార్కులతో అంచనా వేసే ప్రశ్నల పట్టీ, నింపుతుంది కదా. అందులో పొగాకు ప్రశ్న ఉంది.

డాక్టర్: ఉంది. రోజూ వాడితే రెండు మార్కులు. మొత్తం నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. మార్కులు ఎన్నైనా ముప్పై దాటినవాళ్లందరికీ నోరు చూడాలనే నియమం. అయితే ప్రశ్న అడిగే తీరులోనే తేడా వస్తుంది. కోడళ్లు, మనవలు ఉండగా “పొగ తాగుతావా అమ్మా?” అంటే, “ఛీ, లేదు” అనేస్తుంది. పక్కకు తీసుకెళ్లి “చుట్ట కాలుస్తావా? నిప్పు లోపలికా, బయటికా? రోజుకెన్ని? ఎన్నేళ్ల నుంచి?” అని వరుసగా అడగాలి. మానేశానంటే ఎప్పుడు మానిందో కూడా రాసుకోవాలి.

హోస్ట్: సరే, నోరు తెరిచింది. ఏం చూడాలి?

డాక్టర్: చాలామంది ఇక్కడే తప్పుతారు. నాలుక చూస్తారు, బుగ్గలు చూస్తారు, అయిపోయిందంటారు. పైకి చూడరు. ముందు కట్టుడు పళ్లుంటే తీయించాలి. తల బాగా వెనక్కి వాల్చమనాలి. హెడ్‌ల్యాంపుంటే మేలు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. లేదంటే ఒక చేత టార్చ్, ఇంకో చేత పళ్ల డాక్టర్ల చిన్న అద్దం. ఆ అద్దాన్ని గోరువెచ్చటి నీళ్లలో ముంచకపోతే ఊపిరికి మసకబారుతుంది. చుట్ట మసి నల్లగా అంటుకుని ఉంటుంది కనుక తడి గాజుగుడ్డతో తుడిచాకే చూడాలి. తర్వాత గ్లౌజు వేలితో తడమాలి.

హోస్ట్: ఏది మామూలు, ఏది కాదు?

డాక్టర్: ముందువైపు అడ్డంగా ఉండే ముడతలు మామూలే. మధ్యగీత మీద రాయిలాంటి ఎముక బొడిపె ఉంటే అది టోరస్, ఏ హానీ లేదు. దాన్ని చూసి బెంబేలెత్తి పంపేస్తే పెద్దాసుపత్రిలో ‘ఏమీ లేదు’ అంటారు. ఆ తర్వాత ఆ ఊళ్లో మనం పంపితే ఇంకెవరూ కదలరు. బూడిదరంగు తెలుపు మీద ఎర్రచుక్కలు కనబడితే పొగ వల్ల లాలాజల గ్రంథుల రంధ్రాలు వాచాయని అర్థం. మామూలుగా పొగతాగేవాళ్లలో మానేస్తే చాలావరకు తగ్గిపోతుంది. అడ్డపొగ వాళ్లలో మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రంగు పోయిన చోట్లు, మందపాటి తెల్లమచ్చలు, పుళ్లు ఉండొచ్చు. అన్నిట్లోకీ నాకు భయం ఎర్రటి మచ్చంటేనే. నొప్పుండదు, అందుకే ఎవరూ చెప్పరు. ఇక రెండు వారాలు దాటినా మానని పుండు ఏదైనా బయాప్సీకే. బి-కాంప్లెక్స్ మాత్రలు, యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి ఇస్తూ నెలలు గడపకూడదు.

హోస్ట్: బయాప్సీ జిల్లా స్థాయిలో చేయొచ్చా?

డాక్టర్: చేయొచ్చు. ముక్క పుండు మధ్యలోంచి తీయొద్దు, అక్కడ చచ్చిన కణాలే ఉంటాయి. అంచు నుంచి, కొంచెం మంచి చర్మంతో కలిపి తీయాలి. అంగిలి చర్మం ఎముకకు గట్టిగా అంటుకుని ఉంటుంది కనుక లోతుగా వెళ్లకపోతే పైపొర మాత్రమే వస్తుంది. దాంతో లోపలికి పాకిందో లేదో ప్యాథాలజిస్టు చెప్పలేరు. 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి, ముక్కకు పదింతల ద్రవం ఉండాలి. సెలైన్‌లో పంపితే కుళ్లుతుంది. సీసా మూత మీద కాకుండా సీసా మీదే పేరు రాయాలి, మూతలు మారిపోతాయి.

హోస్ట్: క్యాన్సర్ అని తేలాక?

డాక్టర్: క్యాన్సర్ ఎముకను తిన్నదో లేదో సీటీ స్కాన్‌లో చూస్తారు. పై దవడలో కొంత తీసేయాల్సి వస్తే నోటికీ ముక్కుకూ మధ్య రంధ్రం పడుతుంది. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో పలుకుతుంది. ఆపరేషన్‌కు ముందే అచ్చు తీసి, ఆబ్చురేటర్ అనే పళ్లెంలాంటిది సిద్ధం చేస్తే దాంతో రంధ్రం మూస్తారు. గాయం మానేకొద్దీ ఆకారం మారుతుంది, మళ్లీ సర్దాలి. ఆపరేషన్ ప్యాకేజీ గురించి అడిగినప్పుడే ఇదీ అందులో ఉందా, ఎవరు చేస్తారు అని అడిగి రాయించుకోండి.

హోస్ట్: నోటి పరీక్షల క్యాంపు పెట్టేవాళ్లకు మీరిచ్చే సలహా?

డాక్టర్: మత్స్యకార గ్రామాల్లో ఉదయం పదింటికి పెట్టకండి. చేపలమ్మే ఆడవాళ్లు తెల్లారకముందే వెళ్లిపోతారు, మీకు దొరికేది ముసలివాళ్లూ పిల్లలే. సాయంత్రం పెట్టండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేటనిషేధం, జనం ఊళ్లోనే ఎక్కువ ఉంటారు. కానీ అప్పుడు చేతిలో డబ్బుండదు. రిఫర్ చేస్తే బస్సు చార్జీకీ, తోడు వచ్చేవాళ్ల కూలికీ ముందే ఏర్పాటుండాలి. అది లేకుండా చీటీ రాసిస్తే ఆ చీటీ గుడిసె చూరులోనే ఉంటుంది.