నంబరు ఉన్న చోటే తుప్పు

అందరికీ నమస్కారమండి. సైకిల్ మీద వచ్చినవాళ్లు ఇంటికెళ్లాక ఒక్కసారి దాన్ని తిరగేసి, సీటూ హ్యాండిలూ నేలకానేలా నిలబెట్టండి. పెడళ్ల ఇరుసు తిరిగే లావుపాటి గొట్టం ముక్క పైకొస్తుంది. మెకానిక్కులు బీబీ అనేది దాన్నే. పేరుకున్న మట్టిని తడిగుడ్డతో తుడిస్తే, చాలా సైకిళ్లకి అక్కడ అక్షరాలూ అంకెలూ కొట్టి ఉంటాయి. ఫ్రేము నంబరు అదే. కొన్నిటికి సీటు గొట్టం మీదో, హ్యాండిల్ దిగే ముందు గొట్టం మీదో ఉంటుంది. నంబరు చుట్టూ పెయింటు పొక్కిందేమో చూడండి. గోరుతో గీకితే ఎర్రటి పొడి రాలిందంటే ఫ్రేముతో పాటు, ఆ సైకిల్ మీదేనని చెప్పే ఆధారం కూడా తుప్పు తినేస్తోందన్నమాట.

అక్కడే ఎందుకు పడుతుందంటే, ఫ్రేములో అన్నిటికన్నా కింద ఉండేది అదే. సీటు పిల్లరు బిగించే చోట ఒక చీలిక ఉంటుంది. వాన నీళ్లు అందులోంచి దిగి, సీటు గొట్టం లోపలే జారి, బీబీలో చేరి కూర్చుంటాయి. బయటినుంచి ముందు చక్రం చిమ్మే కాలవగట్టు బురద కూడా అక్కడే అంటుకుంటుంది. ఇనుముకి నీళ్లూ గాలీ చాలు తుప్పు పట్టడానికి. మనకి దానికి తోడు ఉప్పు ఉంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి, భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల గట్లు, నరసాపురం సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు మీద ఎగిరిపడే తుంపర, అంతా ఉప్పే. ఉప్పు తుప్పుని తొందరపెట్టడంతో ఆగదు, గాలిలో తేమని లాక్కుని ఎండ కాసే రోజున కూడా ఇనుముని చెమ్మగా ఉంచుతుంది. అందుకే చెరువు గట్టు మీంచి వచ్చిన సైకిల్‌ని ఆ సాయంత్రమే మంచినీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. మోటారు సైకిళ్లు కడిగే సర్వీసింగ్ పంపు దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. ఆ జోరుకి నీళ్లు ఇరుసు తిరిగే బాల్స్‌లోకి దూరి గ్రీజుని తోసేస్తాయి.

ఇక లోపలి సంగతి. ఇది ఏడాదికోసారి, వానలు మొదలయ్యే ముందు, బీబీ ఇరుసు విప్పి ఓవరాలింగ్ చేయించే రోజున పెట్టుకుంటే మంచిది. సీటు పిల్లరు ఎంత ఎత్తులో ఉందో టేపుతో గుర్తు పెట్టుకుని లాగేయండి. ఫ్రేముని ఒక రాత్రంతా తలకిందులుగా ఉంచితే సీటు గొట్టంలో నిలిచిన నీళ్లు కారిపోతాయి. మర్నాడంతా ఎండలో పెట్టండి. హార్డ్‌వేర్ షాపులో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అనడిగితే ఇస్తారు, తలుపులకి పూసే అవిసె నూనే అది. యాభై మిల్లీలీటర్లు సీటు గొట్టంలో పోసి, ఫ్రేముని అటూ ఇటూ వంచుతూ తిప్పండి. మిగిలింది వంచేసి, రెండు మూడు రోజులు అలా వదిలేస్తే లోపల పల్చటి పొరలా గట్టిపడుతుంది. వాడేసిన ఇంజను ఆయిలు పోసేవాళ్లున్నారు, వద్దండి. అది ఎప్పటికీ ఆరదు, కారి టైరు రబ్బరుని పాడుచేస్తుంది.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. అది ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. కొబ్బరి పీచో గడ్డివామో పక్కనుంటే ఇక చెప్పక్కర్లేదు. గుడ్డల్ని ఆరుబయట పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్ల బకెట్టులో ముంచి ఉంచండి.

పిల్లరుకి గ్రీజు రాసి మళ్లీ దింపండి. అల్యూమినియం ఫ్రేము అయితే నూనె పని లేదు, గ్రీజు మాత్రం తప్పదు. ఇనుప పిల్లరూ అల్యూమినియం గొట్టమూ ఉప్పు చెమ్మలో ఒకదానికొకటి కరుచుకుంటే, తర్వాత పైపు రెంచి పెట్టి తిప్పినా రాదు.

పైన పెయింటు లేచిన చోట 120 నంబరు గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్ది, 320తో నునుపు చేసి, రెడాక్సైడు ప్రైమరు రెండు పూతలు వేసి, దాని మీద ఎనామిల్ వేయాలి. పూతకీ పూతకీ మధ్య ఒక రాత్రి ఆగండి. తుప్పు మీదే పెయింటు వేస్తే పైకి అందంగా ఉండి అడుగున తింటూనే ఉంటుంది. నంబరు మీద మాత్రం గరుకు కాగితం పెట్టొద్దు. పాత టూత్‌బ్రష్షుకి కాస్త కిరసనాయిలు అద్ది రుద్ది, ఒకే ఒక పల్చటి పూత వేయండి. దళసరిగా పులిమితే అంకెలు పూడిపోతాయి.

అరుగుదల ఎక్కువగా మనం కట్టేవాటివల్లే. రావులపాలెం మార్కెట్‌కి అరటి గెలలు మోసే సైకిల్ పై గొట్టం చూడండి, కొబ్బరితాడు రాసుకున్న చోట పెయింటు ఉండదు. పాత ట్యూబుని రెండంగుళాల పట్టీగా కోసి గొట్టానికి చుట్టి, దాని మీద తాడు కట్టండి. చుట్టు కింద కూడా నీళ్లు నిలుస్తాయి కాబట్టి వానాకాలంలో నెలకోసారి విప్పి ఆరబెట్టాలి. బరువులు మోసేవాళ్లు గొట్టాలు అతుక్కునే చోట్లనీ, వెనక చక్రం ఇరుసు కూర్చునే చోటునీ వేలితో తడిమి చూస్తుండాలి. పెయింటులో వెంట్రుకంత గీత, దాని వెంట తుప్పు చార కనిపిస్తే అది పగులే. పల్చటి గొట్టానికి కరెంటు వెల్డింగ్ చేయిస్తే బొక్క పడుతుంది. గ్యాసు మంటతో ఇత్తడి అతుకు వేసేవాడి దగ్గరికి వెళ్లండి.

తాళం గొలుసు కూడా రాపిడే. ఊగుతూ సీటు గొట్టాన్ని కొడుతుంది. పాత ట్యూబు ఒక బారు కోసి, లోపల కాస్త పౌడరు చల్లితే గొలుసు మీదికి తొడుగులా జారుతుంది. పెయింటు దక్కుతుంది.

రేవు దగ్గరో, స్టేషను బయటో పొద్దుటినుంచి సాయంత్రం దాకా వదిలే సైకిల్‌కి వెనక చక్రం రింగు తాళం ఒక్కటే అయితే, దాన్ని భుజాన వేసుకుని పోవడానికి అడ్డేమీ లేదు. ప్లాస్టిక్ తొడుగు వైరు తాళం కటింగ్ ప్లేయరుకి ఎంతోసేపు ఆగదు. ఎనిమిది మిల్లీమీటర్ల గట్టి గొలుసో, యూ తాళమో కొనండి. దాన్ని ఫ్రేములోంచీ, వెనక చక్రంలోంచీ పోనిచ్చి, కదలని దానికి వేయాలి. వెదురు గుంజ కదలనిది కాదండి! పొట్టి స్తంభమైతే సైకిల్‌ని పైకెత్తి తీసేస్తారు. గొలుసు వదులుగా ఉంటే రాడ్డు దూరుతుంది, తాళం నేలకి ఆనితే రాయి మీద పెట్టి సుత్తితో కొట్టినట్టే. బిగువుగా, నేలకి ఎత్తులో, తాళంచెవి కన్నం కిందికి ఉండాలి. కన్నంలో నూనె వద్దు, దుమ్ము పడుతుంది. పెన్సిలు ముల్లుని మెత్తటి పొడిగా నూరి వేస్తే చాలు.

మళ్లీ నంబరు దగ్గరికొస్తాను. తెల్లకాగితం దాని మీద పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దితే అంకెలు అచ్చు దిగుతాయి. ఆ కాగితం, కొన్న బిల్లు, సైకిల్ ఫోటో ఒకచోట దాచండి. బళ్లలో ఆడపిల్లలకి పంచిన సైకిళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి, వాటికి ఇది మరీ అవసరం. పేరూ ఫోను నంబరూ రాసిన చీటీని ప్లాస్టిక్‌లో చుట్టి హ్యాండిల్ గొట్టంలో దూర్చి పిడి తొడిగేయండి. రంగు మార్చినవాడు అక్కడ చూడడు. బిల్లు ఎందుకంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం గురించిన 303వ సెక్షన్‌లో 5,000 రూపాయల దగ్గర గీత ఉంది. అంతకు లోపు విలువైతే, మొదటిసారి నేరం రుజువైనవాడు సొత్తో దాని విలువో తిరిగిస్తే శిక్ష సమాజ సేవ. మీ సైకిల్ గీతకి ఏ పక్కనో చెప్పాలంటే కాగితం ఉండాలి.

పాత సైకిల్ కొనేటప్పుడు కూడా ముందు తిరగేయండి. తుప్పు తిన్న నంబరు గుంటలుగుంటలుగా, సగం అంకెలు మిగిలి ఉంటుంది. ఆకురాయి పెట్టింది నున్నగా, గీతలన్నీ ఒకే దిక్కున ఉంటాయి. అలా ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి. దొంగసొత్తని తెలిసి కొన్నవాడికి అదే చట్టంలో 317వ సెక్షన్ ఉంది.