ఆడపిల్ల అడవిలకు ఒక్కతే పోతదా?

వేదిక మీదున్న పెద్దలకు, లైబ్రరీ వాళ్లకు, పొద్దుగాలనే బస్సెక్కి హనుమకొండకొచ్చిన గురుకులం పిల్లలకు, వాళ్లను తోలుకొచ్చిన టీచరమ్మలకు అందరికీ నమస్తే. గ్రంథాలయ వారోత్సవాలు గదా, పుస్తక పఠనం ప్రాముఖ్యత మీద మాట్లాడుమన్నరు. దాని మీద నాకన్న ముందు పెద్దలు మంచిగ చెప్పిండ్రు. నేను మాత్రం చానా రోజుల సంది మనసుల పెట్టుకున్న ముచ్చటొకటి చెప్త, ఏమనుకోవద్దు.

నేను రాసేది ఫాంటసీ. మంత్రాలు, మాట్లాడే చెట్లు, నీళ్ల కింద ఊర్లు. నా మొదటి నవలల ఒక పన్నెండేండ్ల పిల్ల, నాయినమ్మకు మందు తెచ్చేటందుకు తాడ్వాయి అడవి దాటి పోతది. దారిల మూడు తలల గద్ద అడ్డమొస్తది, చెరువు కోపానికొచ్చి లేచి నిలవడ్తది. ఆ నవల పట్టుకొని ఒక పబ్లిషర్ దగ్గరికి పోయిన, పేరు చెప్పను. ఆయన మొత్తం చదివి, "అంతా బాగుందమ్మా, కానీ ఆడపిల్ల అడవిలోకి ఒక్కతే వెళ్తుందా, నమ్మేలా లేదు, అన్నయ్యను తోడు పంపండి" అన్నడు. మూడు తలల గద్దను నమ్మిండు, లేచి నిలవడ్డ చెరువును నమ్మిండు, ఆడపిల్లను నమ్మలే! ఇంకొకటి కూడ అన్నడు, ఆ పిల్ల మాట్లాడే భాష మార్చుమన్నడు, రాక్షసునికైతే ఈ యాస ఉంచొచ్చట. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలే.

నమ్మేటట్టు లేదనేటోళ్లు ఎండకాలం మొదట్ల తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు పోయి చూడుండ్రి. ఇప్పపువ్వు రాత్రి పూట రాలుతది. పశువులు, ఎలుగుబంట్లు తినకముందే ఏరుకోవాలె, అందుకే చీకటితోనే బుట్టలు పట్టుకొని ఆడోళ్లు, ఆడపిల్లలు చెట్ల కిందికి పోతరు. పువ్వు మంచిగ కనవడాలని ఆ జాగ ముందుగాలనే ఊడ్చి, ఎండుటాకులు కాలవెట్టి ఉంచుతరు. ఏరింది ఎండవోసి సంతల అమ్ముకుంటరు. ఆ పిల్లలకు అడవంటే భయం లేక కాదు, భయం ఉండంగనే పోతరు. ఆ పిల్ల నా కథలకు రాకపోతే ఇంకెవరొస్తరు చెప్పుండ్రి?

అదే అడవిల వేటకు పోయిన కోయదొరలకు పులుల నడుమ ఆడుకుంటున్న పసిబిడ్డ దొరికిందని, ఆమెనే సమ్మక్క తల్లి అయ్యిందని మనందరం చెప్పుకుంటం. బిడ్డ సారలమ్మ కాకతీయ సైన్యంతోని కొట్లాడి పానమిడిసింది. రెండేండ్లకోసారి మాఘమాసంల మేడారం పోయి బెల్లం బంగారమని మొక్కుతం, మళ్ల ఇంటికొచ్చి బిడ్డకు చెప్పే కథలనేమో రాకుమారిని ఏడు సముద్రాల అవతల తాళమేసి పెడ్తం. ఓరుగల్లునేలిన రుద్రమ్మకు గూడ శాసనాలల్ల రుద్రదేవ మహారాజు అని మగపేరు ఉండాల్సి వచ్చింది గదా, ఇన్ని వందల ఏండ్లయినంక కూడ కథ నడిపేటందుకు ఆడపిల్లకు అన్న తోడు కావాల్నా?

చదువు ముచ్చటకొస్త. మాది మెట్‌పల్లి దిక్కు, మా అమ్మ బీడీలు చేసేది. పగటీలి అరుగు మీద నలుగురైదుగురు ఆడోళ్లు చాటలు ఒళ్లె పెట్టుకొని కూసునేది, తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసి చుట్టుడు, దారం కట్టుడు, చేతులు ఆగేటియి కాదు. నన్ను నడుమ కూసోవెట్టి కథల పుస్తకం చదువుమనేటోళ్లు. నేను చదివినంతసేపు నా వంతు ఆకు గూడ వాళ్లే కత్తిరించేది. చదివేటందుకు నాకు ఆ టైమ్ దొరికింది వాళ్ల చేతుల కష్టంతోని, అది నేను యాడికి పోయినా చెప్త. రాకుమారి కోటల ఏడ్సుకుంట కూసున్నదని చదివితే పక్కింటి పెద్దమ్మ ఊకునేది కాదు, "తాళం పలగ్గొట్టుకొని రాకపాయె, ఎవని కోసం కూసున్నదే అది?" అనేది. నాకు కథ రాసుడు నేర్పింది ఆ పెద్దమ్మనే.

ఇప్పుడు అసలు ముచ్చట. ఒక హాస్టల్ల మాట్లాడేటందుకు పోతే, కాలికి క్యాలిపర్, అంటే నడిచేటందుకు ఆసరాగ కట్టుకునే ఇనుప పట్టీ, వేసుకున్న పిల్ల గోడ పట్టుకొని లేచి అడిగింది, "మేడమ్, కథలల్ల నడవరాని పిల్ల ఉంటే ఆఖరికి శాపం పోయి నడుస్తది, నడవకుంటనే గెలిచేది ఒక్కటన్న ఉందా?" అన్నది. ఎంత ఆలోచించినా నాకు ఒక్క కథ యాదికి రాలే. మనం రాసే కథలల్ల గూనిది మంత్రగత్తె, నల్లది దాసి, కన్ను లేనిది శాపగ్రస్తురాలు, బాగయితేనే నాయిక. ఆ పిల్ల బాగు చెయ్యుమని అడగలే, ఉన్నది ఉన్నట్టు కథలకు రానియ్యుమన్నది. ఇప్పుడు రాస్తున్న నవలల నాయిక క్యాలిపర్ తోనే మొదలైతది, క్యాలిపర్ తోనే రాజ్యం గెలుస్తది. అది ఇనుప చప్పుడు చేసుకుంట వస్తుంటే కోట కావలోళ్లు ముందే లేచి నిలవడ్తరు. నాయిక కాలు బాగు చెయ్యుమని ఏ పబ్లిషర్ చెప్పినా ఈసారి ఒక్క లైన్ మార్చను.

ఇదంతా కొత్త పైత్యమని కొందరు అంటరు. మన ఊర్ల రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పుట్టింది 1904ల. ఆ మరుసటేడే, 1905ల, రొకియా బేగం అనే బెంగాలీ ఆమె రాసిన సుల్తానాస్ డ్రీమ్ అనే ఇంగ్లిషు కథ మద్రాసు పత్రికల అచ్చయ్యింది. దాంట్ల ఆడోళ్లు ఎండ వేడితోని యుద్ధం గెలుస్తరు, గాల్ల బండ్లు నడుపుతరు. ఆమెను బడికి పంపలే, వాళ్లన్న రాత్రిపూట ఇంట్ల కూసోవెట్టి ఇంగ్లిషు నేర్పిండు. అన్నను తోడు పంపుమంటే గట్ల పంపాలె, కథల ముందు నడిచేటందుకు కాదు!

హెడ్మాస్టర్లు, వార్డెన్ మేడమ్‌లు, మీకు దండం పెట్టి అడుగుతున్న. బీరువా తాళం తీయుండ్రి, పుస్తకం చినిగితే అతికించుకుందం. గ్రంథాలయపోళ్లు పోటీ పరీక్షల పిల్లలకు కుర్చీలేస్తున్నరు, మంచిదే, అట్లనే సాయంత్రం ఆడపిల్లల కోసం ఒక గంట, ఒక చాప వేయుండ్రి, ఆ గంటల వాళ్లను ఏ పనికీ పిలవొద్దు. అమ్మలార, ఇంట్ల బిడ్డ పుస్తకం పట్టుకుంటే బోళ్లు తోముడు తమ్మునికి చెప్పుండ్రి, వానికి చేతులున్నయి.

ఇంకా చెప్పాల్సింది ఉంది గని సార్ చిట్టీ పంపిండు, టైమ్ అయిపోయిందట. ప్రశ్నలు అడుగుండ్రి. ముందు వరుసల పెద్దలు ఏమనుకోవద్దు, మైక్ వెనకకు పంపుండ్రి, అగో, ఆ గోడ పక్క ఎర్ర రిబ్బన్ల బిడ్డ అప్పటి సంది చెయ్యి ఎత్తే ఉన్నది.